మాసిన ప్రతులు

రాజనర్సయ్యకు దుమ్ము పడదు. ఆ సంగతి డాక్టరు చెప్పి చాలా ఏళ్లయింది. అయినా విశ్వవిద్యాలయం వారు ఆయనకిచ్చిన కొలువు పాత కాగితాల గదిలోనే. పొద్దున తాళం తీయగానే తుమ్ములు మొదలవుతాయి, చాయ్ వేళకు కాస్త సద్దుమణుగుతాయి, సాయంత్రం బీరువాలు మూసేటప్పుడు మళ్లీ అందుకుంటాయి. బదిలీ అడగమని భార్య కాంతవ్వ పోరి పోరి ఊరుకుంది. ఆయన అడగలేదు. అడిగినా ఇచ్చేవారు కారు, ఆ గదిలో కూర్చోవడానికి ఇంకో మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తారు?

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు వచ్చే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఆ విశ్వవిద్యాలయం. లైబ్రరీ వెనక నాలుగు మెట్లు దిగితే 'ఆర్కైవ్స్ విభాగం' అని బోర్డు కనిపిస్తుంది. క్యాంపస్‌లో ఎవరూ ఆ పేరుతో పిలవరు, 'నర్సయ్య సారు రూము' అంటారు. గేటుకు కమాను కట్టించి, అది నచ్చక పడగొట్టించి, మళ్లీ కట్టించిన పెద్దలకు ఆ గదికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాలని మాత్రం ఏనాడూ తోచలేదు.

ఆ గదిలో ఉన్నవి బయట ఎక్కడా దొరకవు. విద్యార్థుల వార్షిక సంచికలు, హాస్టల్ పత్రికలు, సదస్సుల సావనీర్లు, సంఘాల కరపత్రాలు. క్యాంపస్‌లో ఏది అచ్చయినా రెండు ప్రతులు తనకు అందాలని రాజనర్సయ్య పట్టుదల. సర్క్యులరు పంపితే ఎవరూ పలకరు కాబట్టి తనే తిరిగి అడిగి తెచ్చుకునేవాడు. వార్షికోత్సవం ముగిశాక కుర్చీల కింద వంగి సావనీర్లు ఏరుకుంటున్న ఆయనను చూసి, చిత్తుకాగితాలు ఏరేవాడు లోపలికెలా వచ్చాడని వాచ్‌మన్‌ను కసురుకున్న లెక్చరర్లు కూడా ఉన్నారు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. దొరికింది కదా, అదే చాలు అనుకున్నాడు.

రెండు ప్రతుల్లో ఒకటి బీరువాలోకి పోతుంది. అది నిల్వ ప్రతి, దానికి తాళం. రెండోది బల్ల మీద ఉంటుంది. అది చదువు ప్రతి, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. ఈ పద్ధతి పెట్టింది ఆయనే. ఉద్యోగమంతా దాన్ని కాపాడుతూ వచ్చాడు.

ఇప్పుడు ఓపిక అయిపోయింది. మోకాళ్లు మాట వినడం లేదు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఈ మధ్య ఏ డిపార్టుమెంటూ ఏదీ అచ్చేయడం లేదు, వాట్సాప్ గ్రూపులో పెట్టి చేతులు దులుపుకుంటోంది. ఆయన కూడా అడగడం మానేశాడు. యూసుఫ్‌గూడలోని అద్దె ఇంటి నుంచి బయల్దేరి గది తాళం తీయడం, సాయంత్రం తాళం వేసి మళ్లీ ఇల్లు చేరడం, ఇంతే మిగిలింది.

అలాంటి రోజుల్లో ప్రాంగణాన్ని ఊరి బయటికి మారుస్తున్నారని ఆర్డరు వచ్చింది. రిజిస్ట్రార్ అచ్యుతరావు స్వయంగా మెట్లు దిగి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మాట మెత్తన. మెత్తని మాటతోనే పని కానిచ్చుకుంటాడు.

"ఏంటండీ నర్సయ్యగారూ, ఒకే పుస్తకం రెండేసి ఎందుకు? అక్కడ మనకిచ్చింది ఇందులో సగం గది. స్కానింగ్ కూడా అయిపోయింది కదా. ఒక్కో ప్రతి ఉంచుకుని రెండోది తీసేయండి."

"ఏది ఉంచుమంటరు సార్?"

"అది కూడా నేనే చెప్పాలా? మీ ఇష్టం. లారీ వచ్చేలోపు గది ఖాళీ అయితే చాలు."

ఒకప్పటి రాజనర్సయ్య అయితే వైస్ ఛాన్సలర్ దాకా పోయి కొట్లాడేవాడు. ఇప్పటి రాజనర్సయ్య ముక్కుకు రుమాలు కట్టుకుని పనిలో కూర్చున్నాడు.

ఏది ఉంచాలన్న సందేహం ఆయన చేతులకు రానే లేదు. సిరిసిల్లలో తండ్రి మగ్గం మీంచి దించిన బట్టను వెలుతురుకు పట్టి చూసేవాడు. మరక కనబడితే ఆ తాను పక్కకు పోవాల్సిందే. రాజనర్సయ్య మగ్గం నేయలేదు గానీ ఆ చూపు మాత్రం తండ్రిదే. బీరువాలోని ప్రతులు చెక్కుచెదరకుండా, కుట్టు వదలకుండా ఉన్నాయి. బల్ల మీది వాటికి మూలలు మడతలు, చాయ్ మరకలు. ఒకనాటి వైస్ ఛాన్సలర్ ఫొటోకు మీసాలు దిద్దారు. కవితల పక్కన వెటకారాలు, వ్యాసాల కింద వాదులాటలు. పెన్సిలు రాతలైతే ఆయన ఏటా సెలవుల్లో రబ్బరు పట్టుకుని తుడిచేవాడు, పెన్ను రాతలను తిట్టుకుంటూ వదిలేసేవాడు. స్కానింగ్ వాళ్లు కూడా శుభ్రంగా ఉన్నవే అడిగి తీసుకెళ్లి, పని కాగానే తిరిగిచ్చారు. మాసినవన్నీ తాళ్లతో కట్టి వరండాలో పేర్చాడు.

బల్కంపేటలో పాత కాగితాల దుకాణం నడిపే పోచయ్య ట్రాలీ ఆటోతో వచ్చి, పాత ఏళ్ల కట్టలన్నీ ముందు ఎత్తుకుపోయాడు. మిగిలిన వాటికి మళ్లీ వస్తానన్నాడు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు మంజూష వచ్చింది. నడివయసు మనిషి, మెట్లు దిగి కాస్త ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడింది.

"నమస్తే సార్. గుర్తువట్టిండ్రా? ఈడనే ఎమ్మే చదివిన. ఇప్పుడు అమీర్‌పేటల ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్న."

"కూసో అమ్మా. ఏడాదికి ఎంతమందొస్తరు, మొఖాలు యాదికుండయి."

"బుక్కులన్నీ ఊరి బయటికి పోతున్నయని మా బ్యాచి గ్రూపుల పెట్టిండ్రు. నేను చదివిన ఏడాది ప్రాంగణ దీపిక జర ఇస్తరా? ఒక్క ఫొటో తీసుకుంట."

రాజనర్సయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెతుక్కుంటూ వచ్చి అడిగిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో. బీరువా తీసి ఆ వార్షిక సంచికను రెండు చేతులతో తెచ్చి ముందు పెట్టాడు. కొత్త పెళ్లికూతురిలా ఉంది చూడమ్మా అన్నట్టు నిలబడ్డాడు.

ఆమె పేజీలు తిప్పి తన కవిత దగ్గర ఆగింది. ముందు పేజీ చూసింది, వెనక పేజీ చూసింది. మళ్లీ అక్కడికే వచ్చింది.

"ఇది గాదు సార్."

"ఇదేనమ్మా. నీ పేరు సుత ఉన్నది గద."

"కవిత నాదే. బుక్కు ఇది గాదు. బల్ల మీద ఉంటుండె చూడుర్రి, అందరం చదివేది. గా బుక్కు."

ఎందుకని ఆయన అడగలేదు, ఆమే చెప్పింది. ఆ కవిత అచ్చయిన కొత్తలో బల్ల మీది ప్రతిలో దాని పక్కన ఎవరో పెన్నుతో రాశారు, 'బాగుంది, ఆఖరు రెండు లైన్లు దండగ' అని. ఆమెకు ఒళ్లు మండింది. 'నిన్ను చదవమని ఎవలు బతిమిలాడిండ్రు' అని కింద పెన్సిలుతో రాసింది. మర్నాడు జవాబుంది. దానికి ఇంకో జవాబు. అట్లా ఆ పేజీ అంచులన్నీ నిండాయి. చివరికి అతనే రాశాడు, 'ఇక్కడ జాగ అయిపోయింది, క్యాంటీన్ల చాయ్ తాగుదమా' అని. అతను రాకేశ్. తర్వాత ఆమె భర్త. అమీర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. పోయినేడు గుండెపోటుతో పోయాడు.

"నా రాతలన్నీ మీరు రబ్బరు వెట్టి తుడిచిండ్రు సార్," అని ఆమె నవ్వింది. "ఆయన పెన్నుతోని రాసిండు గాబట్టి బతికినయి. నేను తిట్టిన తిట్లు ఎటు పోయినా ఫికర్ లేదు. ఆయనవి ఒక్క ఫొటో తీసుకుంట. కంప్యూటర్ల ఉన్నా సరే."

కంప్యూటర్లో ఉన్నదీ ఈ శుభ్రమైన ప్రతే. మాసింది పోచయ్య ఎత్తుకుపోయిన కట్టల్లో ఉంది. పడేశానని చెప్పడానికి రాజనర్సయ్యకు నోరు రాలేదు.

"రెండు దినాలాగి రా అమ్మా. ఎతికి పెడ్త."

ఆమె అటు వెళ్లగానే ఆయన ఇటు బల్కంపేట బయల్దేరాడు. ఎల్లమ్మ కల్యాణం రోజులు, రోడ్లన్నీ మూసేశారు. ఆటోవాళ్లు రామన్నారు. ఆ జనంలో పడి, మోకాలు పట్టుకుంటూ, పోచయ్య దుకాణం చేరేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"గా కాగితాలా సార్? నిన్ననే పేపరు మిల్లు లారీకి ఎక్కించిన. ఎర్రగడ్డ గోడౌన్ల అడుగున ఏమన్న మిగిలితె చూస్కోర్రి. నాకైతే నమ్మకం లేదు."

ఎర్రగడ్డలో గోడౌను మార్కెట్టు వెనక సందులో ఉంది. రాజనర్సయ్య ఒక గోనెసంచి మీద కూలబడి మిగిలిన కుప్పలు తిరగేశాడు. పెళ్లికార్డులు, ప్రశ్నపత్రాలు, ఎవరివో ఫోను బిల్లులు. తుమ్మి తుమ్మి కళ్లు వాచిపోయాయి. ప్రాంగణ దీపిక దొరకలేదు. అట్ట ఊడిపోయిన ఒక హాస్టల్ పత్రిక మాత్రం దొరికింది. తన గదిదే, తన ముద్రే.

అలసిపోయి, ఊరికే దాన్ని తెరిచాడు. ఒక పద్యం పక్కన పెన్నుతో రాసి ఉంది: 'ఇది రాసినోడు నా పక్క మంచం. రాత్రంతా ఏడ్చిండు. నవ్వకుర్రి.' దాని కింద వేరే చేతిరాత: 'నవ్వలే.' దాని కింద ఇంకొకటి: 'నేను సుత.'

ఆ పత్రిక ఎన్నేళ్లు తన కళ్లముందు ఉందో. వందసార్లు సర్ది ఉంటాడు, వందసార్లు దుమ్ము దులిపి ఉంటాడు. ఆ రాతలను ఆయన చూడటం మరకను చూసినట్టే చూశాడు, చదవనే లేదు. ఇన్నాళ్లూ తను దాచింది విశ్వవిద్యాలయం అచ్చేయించిన మాటలు. పిల్లలు చెప్పుకున్న మాటలను తన చేతులతోనే తాడు బిగించి పంపేశాడు. ఆ గోనెసంచి మీద కూర్చుని రాజనర్సయ్య సిగ్గుపడ్డాడు. ఈ వయసులో ఇంత సిగ్గు పడాల్సి వస్తుందని అనుకోలేదు.

ఇంటికి చేరాక కాంతవ్వ ఆయన కళ్లు చూసి కుట్టుమిషను ఆపేసింది.

"గట్లెందుకు వాచినయి కండ్లు? ఎవల బుక్కు కోసం గీ తిప్పలు?"

"నేనే పడేసిన బుక్కు కోసం."

ఆమె ఆవిరి పట్టడానికి నీళ్లు పెట్టింది.

మంజూష చెప్పిన రోజుకే వచ్చింది. ఈసారి ఆయన కూర్చోమనలేదు, తనే లేచి నిలబడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్కో ప్రతే ఉంచమన్నారని, తెల్లగున్నది ఉంచి మాసింది తీసేశానని, అది మిల్లుకు పోయిందని, తప్పు తనదేనని.

ఆమె బల్ల మీద ఇంకా ఉన్న తెల్లటి సంచికను తన కవిత దగ్గర తెరిచింది.

"మీ ఇంట్ల ఆయన రాసినయి ఏమన్న ఉంటయేమో అమ్మా," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "మాటలు నీకు యాదికుంటే సుత…"

"మాటలు నోటికొస్తయి సార్. అన్నీ యాదికున్నయి. నేను చూద్దామనుకున్నది ఆయన రాత. పెండ్లయినంక ఉత్తరాలు రాసుకునే పనే వడలే, ఒక్కింట్లనే ఉంటిమి. దుకాణం బిల్లులు కంప్యూటర్ల కొడుతుండె. ఇల్లంతా ఎతికిన. సంతకాలే దొరికినయి."

తిట్టి ఉంటే బాగుండేదని రాజనర్సయ్యకు అనిపించింది. ఆమె తిట్టలేదు.

"మీరేం జేస్తరు సార్. మాసినయే గద," అని తెల్లటి సంచికను మూసి ఆయన వైపు జరిపింది. ఫొటో తీసుకోలేదు. హాస్టల్లో పిల్లల భోజనాల వేళయిందని చెప్పి, మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆయన అక్కడే కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో, బయట ట్రాలీ ఆటో హారను వినబడింది. మిగిలిన కట్టల కోసం పోచయ్య వచ్చాడు. పోనివ్వవచ్చు. ఆ పాత ఏళ్ల రాతలు ఎలాగూ దక్కవు. మిగిలిన కాస్త కోసం ఇంత చాకిరీ ఈ ఒళ్లుతో అవుతుందా అని కూడా అనుకున్నాడు.

"పోచయ్యా, జర ఆగు," అని లేచాడు.

వరండాలో కట్టలకు తాను వేసిన ముళ్లు తానే విప్పాడు. బీరువాల తాళాలు తీశాడు. శుభ్రమైన ప్రతులు కంప్యూటర్లో ఉండనే ఉన్నాయి. ఉండేది ఒక్కో ప్రతి, ఏదన్నది తన ఇష్టం. బీరువాలోంచి ఒక సంచిక బయటికి తీయడం, వరండాలోంచి దాని మాసిన జోడును లోపలికి చేర్చడం. వంగి లేచినప్పుడల్లా మోకాలు కలుక్కుమంటోంది. పోచయ్య చాయ్ తాగి వచ్చాడు, బీడీ కాల్చి వచ్చాడు, ఆటోకు ఆనుకుని కునుకు కూడా తీశాడు. మాసిన జోడున్న తెల్లటి సంచికలన్నీ కట్టలై వరండాలోకి వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది.

పోచయ్య మొదటి కట్ట ఎత్తబోయి, పైనున్న పుస్తకాన్ని తీసి పేజీలను వేళ్లతో చివరిదాకా జారవిడిచాడు.

"సార్, ఇయ్యి కొత్తగున్నయి గద! ఒక్క పేజీ నలగలే. ఎవ్వలు ముట్టినట్టే లేదు. గీటిని పడేసుడేంది?"

"ఔ పోచయ్యా, ఎవ్వలు ముట్టలే," అన్నాడు రాజనర్సయ్య. "గందుకే తీస్కపో."