తక్కెడ మార్కా పిల్లలు

పోయిన ఆదివారం నంద్యాలలో మా మనవరాలి చేతిమీద నీలం ముద్ర ఒకటి చూశాను. మనవరాలంటే నా కూతురి కూతురు, ఆరేళ్ళది. వాళ్ళమ్మ దాన్ని ఒక షాపింగ్ కాంప్లెక్సు మేడమీద ఉన్న పిల్లల ఆటల హాలుకు తీసుకుపోతూ నన్నూ రమ్మంది. లోపల నేల మెత్తన, గోడలు మెత్తన, జారుడుబండ కింద రంగురంగుల ప్లాస్టిక్ బంతుల గుంట. ఎంత గట్టిగా పడినా ఏడవడానికి సాకు దొరకదు. గేటు దగ్గరి అమ్మాయి పిల్ల మణికట్టు మీద ముద్ర కొట్టి, అదే ముద్ర మా అమ్మాయి చేతిమీదా కొట్టింది. పోయేటప్పుడు రెండు ముద్రలూ కలిస్తేనే పిల్లను వదులుతారట. అద్దానికి ఇవతల వరసగా కుర్చీలు, కుర్చీల్లో తల్లిదండ్రులు, వాళ్ళ చేతుల్లో ఫోన్లు. "అవ్వా, నువ్వూ వేయించుకో" అంది మనవరాలు. గేటు అమ్మాయి "ఒక పాపకు ఒకరికే మేడం" అని సిరా డబ్బా మూత పెట్టేసింది. నేనేమీ చిన్నబుచ్చుకోలేదు. ముద్ర లేకుండా పక్కన నిలబడటం నాకు కొత్త కాదు.

మాది ఆళ్ళగడ్డ. ముందు అంగడి, వెనక ఇల్లు. శనగలు, జొన్నలు, కొర్రలు రైతుల దగ్గర కొని, గోతాలకెత్తి, లారీలో నంద్యాల మండీకి పంపడం మా తాత నాటి నుంచి వస్తున్న వ్యాపారం. గడప దాటే ప్రతి గోతం మీదా మా మార్కా పడాలి. గుండ్రటి గీత, దాని లోపల తక్కెడ. ఆ బొమ్మను తగరపు రేకులో కత్తిరించి పెట్టుకునేవాళ్ళు. రేకును గోతం మీద ఆనించి సిరా కుంచెతో తట్టితే మార్కా దిగేది. పేరు రాసేవాళ్ళు కాదు, ఊరు రాసేవాళ్ళు కాదు. ఆ అవసరమూ లేదు. ఉయ్యాలవాడ నుంచి నంద్యాల దాకా సరుకెత్తే హమాలీల్లో చదువు వచ్చినవాళ్ళు తక్కువే గానీ, ఆ తక్కెడ ఎవరిదో తెలియనివాళ్ళు లేరు. రేకులు రెండుండేవి. పెద్దది గోతాలకు, చిన్నది నూనె డబ్బాలకు. నూనె వ్యాపారం ఎప్పుడో మానేశారు కనుక ఆ చిన్న రేకును మా అవ్వ పిల్లలకు వాడుకునేది.

అవ్వ అంటే మా నాయనకు అమ్మ. పిల్లల విషయంలో ఆమెకు ఒకటే సిద్ధాంతం. పొద్దున ఉగ్గాని తిన్న పిల్ల మధ్యాహ్నం సంగటి వేళ దాకా ఇంట్లో కనపడకూడదు. కనపడితే చింతపండు గింజలు తీసే పని తగులుకుంటుంది. అందుకని మేము కనపడేవాళ్ళం కాదు. రోడ్డు దాటితే శిల్పుల కొట్టాలు. సగం చెక్కిన ఏనుగులు, తలలు ఇంకా బయటికి రాని దేవుళ్ళు ఎండలో పడుకుని ఉండేవాళ్ళు. వాటి మీద ఎక్కి తొక్కినా శిల్పులు ఏమీ అనేవాళ్ళు కాదు. కళ్ళు చెక్కాక మాత్రం దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. అక్కడ విసుగొస్తే బస్టాండు, బస్టాండులో కండక్టర్లు తరిమితే వక్కిలేరు ఇసుక. మా వెంట ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, ఎక్కడికి పోయారని అడిగేవాళ్ళూ లేరు. వేసవిలో మగపిల్లలు చొక్కా లేకుండానే తిరిగేవాళ్ళు. నాలుగు రోజులకొకసారి అవ్వ వాళ్ళను ఇంటివైపు అరుగు మీద బోర్లా పడుకోబెట్టి, ఒక్కొక్కడి వీపు మీద రేకు ఆనించి మార్కా కొట్టేది. సిరా చల్లగా తగిలి వాళ్ళు మెలికలు తిరిగేవాళ్ళు. ఇదేం పని అని ఎవరైనా నవ్వితే అవ్వ దగ్గర జవాబు తయారుగా ఉండేది. "మూటలే పోవు, పిల్లోళ్ళు యాడికి పోతారప్పా? మార్కా చూసి ఎవురో ఒకరు తెచ్చిస్తార్లే."

ఆ మార్కా పడేది ముగ్గురికి. మా తమ్ముడికి, చిన్నాయన కొడుకులిద్దరికి. నాకు తొమ్మిదేళ్ళు, ఆ సిరా గిన్నె పట్టుకుని నిలబడటం నా ఉద్యోగం. ఎండలో తిరగడంలో, గోడలు దూకడంలో నేను వాళ్ళకేమీ తీసిపోను. అందుకని ఒకరోజు గిన్నె కింద పెట్టి, మోచేయి దాకా చెయ్యి చాపి "నాకూ ఎయ్ అవ్వా" అన్నాను.

"నీకెందుకే? ఇంకో ఇంటికి పోయే సరుకువి నువ్వు. నీకు మార్కా ఆ ఇంటోళ్ళే ఏసుకుంటారులే" అంది అవ్వ. అరుగు మీద ఉన్న గుమాస్తాతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రోటి దగ్గర కారం దంచుతున్న మా అమ్మ నవ్వలేదు. రోకలి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పడింది. అమ్మ అత్తగారి ఎదుట మాట్లాడే మనిషి కాదు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ ఇద్దరి మధ్యా మాటంటే అవ్వ చెప్పేదీ, అమ్మ "ఊ" అనేదీ.

ఆ పొద్దునే దాగుడుమూతల్లో నేను దొంగనయ్యాను. శిల్పుల కొట్టం దగ్గర తొండం లేని ఏనుగుకు నుదురు ఆనించి లెక్కపెట్టాను. చిన్నాయన కొడుకులు తేలిగ్గానే దొరికారు, పెద్దవాడు దాక్కున్న చోటి నుంచి తుమ్మాడు కూడా. తమ్ముడు దొరకలేదు. వాడికి అప్పుడు అయిదేళ్ళు. మా అంగడి ముందు నంద్యాల లారీకి మూటలెత్తుతుంటే, వాడు ఆ చుట్టుపక్కల తచ్చాడటం లెక్కపెట్టక ముందు చూశాను. అటు పోయి వెతకాలి కదా? వెతకలేదు. వాడి వీపు మీద మార్కా ఉంది, ఎవరో ఒకరు తెచ్చిస్తారులే అనుకున్నాను. ఇది ఇప్పుడు అందంగా ఉంటుందని కల్పించిన మాట కాదు. ఆ రోజు అచ్చంగా అలాగే అనుకున్నాను, కడుపుమంటతో. తర్వాత మిగతా ఇద్దరితో ఏటి ఇసుకలోకి పోయాను.

అన్నాల వేళకు అమ్మ అడిగింది. "తమ్ముడు యాడే?"

"శిల్పుల కాడ ఉండాడు. ఆకలి కాలేదంట" అన్నాను. ఆ రోజు పప్పులో చింతచిగురు వేశారు. రెండోసారి అడిగి వేయించుకుని తిన్నాను.

ఎండ కాస్త వాలాక శిల్పి ఒకాయన కుండనీళ్ళ కోసం మా ఇంటికి వచ్చాడు. చెంబు అందిస్తూ అమ్మ, మా వాడిని ఇంటికి తోలమని చెప్పింది. ఆయన తాగుతున్నవాడు ఆగాడు. "మీ బుడ్డోడా? పొద్దున్నుంచి నా కంటికే కనపళ్ళేదమ్మా."

అక్కడి నుంచి ఇల్లు ఇల్లుగా లేదు. చిన్నాయన ఏటికి, గుమాస్తా బస్టాండుకు పరిగెత్తారు. మా పెరటి బావిలో బిందె పడితే తీసే ఇనుప కొక్కేల గుత్తి ఒకటి ఉండేది, పాతాళగరిగె అంటారు. నాయన దాన్ని తాడుకు కట్టి బావిలోకి దించాడు. నేను బావి గట్టు పక్కన నిలబడి చూస్తున్నాను. గరిగె రాతికి తగిలి కణంగుమన్నప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకునేది. నాకు మహా భయమేసింది. నాలుక మీద చింతచిగురు పులుపు ఇంకా పోనేలేదు. మూడోసారి కణంగుమనేసరికి తట్టుకోలేక అమ్మ కొంగు లాగి గుసగుసగా చెప్పేశాను, వాడు శిల్పుల దగ్గర లేడని, నేను వెతకలేదని, మార్కా ఉంది కదా అని వదిలేశానని.

అమ్మ నన్ను కొట్టలేదు. భుజం పట్టుకుని వంగి "ఆకరుసారి యాడ చూస్తివే?" అంది.

"లారీ కాడ. మూటలెత్తేటప్పుడు."

మా ఇంటి ఆడవాళ్ళు అంగట్లోకి అడుగుపెట్టేవాళ్ళు కాదు. ఏదైనా కావాలంటే నడవ తలుపు సందులోంచి అడగడమే. అమ్మ ఆ తలుపు తోసుకుని, తక్కెడ దాటి, రైతులు కూర్చుని ఉండగానే ఫోను దగ్గరికి పోయి నిలబడి "లారీలో ఎక్కిండాడు, నంద్యాలకు చెయ్యండి" అని కేకేసింది. అంత గొంతు ఆమెకు ఉందని ఆ రోజే అందరికీ తెలిసింది. నాయన పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి ఎక్స్చేంజికి నంబరు చెప్పాడు. అప్పట్లో నంద్యాల కలవడానికి అరగంట పట్టినా పట్టేది. ఆ అరగంటా బావిలో తాడు అలాగే వేలాడుతూ ఉంది.

ఎట్టకేలకు ఫోను మోగింది. మండీ యజమాని గొంతు ఎంత పెద్దదంటే నడవలో ఉన్న మాకు కూడా వినపడింది. "నేనే చేద్దామనుకుంటాండా శెట్టీ! నీ సరుకులో ఒక మూట ఎక్కువొచ్చింది. కాళ్ళుండాయి దానికి. ఈడ కూచోని లడ్డు తింటాంది." నాయన ఫోను పెట్టేసి, రైతుల ముందే కండువాలో ముఖం దాచుకుని ఏడ్చాడు. నాయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

పొద్దుగుంకక ముందే బస్సులో వాడిని ఒక హమాలీ తీసుకొచ్చాడు. వాడికి పెద్దవాళ్ళ బనియను ఒకటి తొడిగారు, మోకాళ్ళ కిందికి ఉంది. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ హమాలీ జరిగిందంతా చెప్పాడు. మూటల మధ్య సందులో దూరి నిద్రపోయాడట. నంద్యాలలో లారీ మీది టార్పాలిన్ పట్టా తీసేసరికి బోర్లా పడుకున్న వీపు, దాని మీద మార్కా. "తక్కెడ కనపడినాది గదా, మూటే అనుకోని చెయ్యి ఏసినానమ్మా. ఎచ్చగా తగిలినాది. దడుసుకోని సచ్చినా!" అన్నాడు. అందరూ నవ్వారు, ఈసారి అమ్మ కూడా. అవ్వయితే సాక్షాత్తూ తానే పోయి తెచ్చినంత గర్వంగా "చూస్తిరా, మార్కా ఉండబట్టి" అని వీధి వీధంతా చెప్పుకుంది.

నాయన మాత్రం రేప్పొద్దున్నుంచి ఒక్క పిల్ల కూడా గడప దాటకూడదని తేల్చేశాడు. మూడు రోజులు ఇంట్లోనే ఉన్నాం. మొదటి రోజు ఊరగాయ జాడీ పగిలింది. రెండో రోజు చిన్నాయన కొడుకులు శనగల గోతానికి బొక్కపెట్టారు. మూడో రోజు సాయంత్రానికి నాయనే "ఈళ్ళను యాడికన్నా తోలండి" అని దండం పెట్టాడు. నాలుగో పొద్దున అవ్వ మళ్ళీ రేకు, కుంచె తీసుకుని అరుగు మీద కూర్చుంది. నేను గిన్నె పట్టుకున్నాను. నేను చేసిన పని అమ్మ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతుందేమోనని గిన్నె మీది నుంచి తల ఎత్తలేదు. ముగ్గురు మగపిల్లలకూ అయ్యాక అవ్వ కుంచె కడగబోయింది. అమ్మ వంటింట్లోంచి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అవ్వ చేతిలోంచి కుంచె తీసుకుంది. అడగలేదు, తీసుకుంది. నా ఎడమచెయ్యి లాగి మోచేతి కింద రేకు ఆనించింది.

"ఇది తప్పిపోయినా ఎవరన్నా తెచ్చియ్యల్ల గదా, అత్తా" అంది.

గుమాస్తా రాస్తున్నవాడు తలెత్తాడు. చివరికి అవ్వ నా వైపు తిరిగి "చెయ్యి కదిలించగాకే, చెదిరిపోతాది" అని కసిరింది. చల్లటి సిరా తగిలింది. నేను కదల్లేదు. ఆ వారమంతా ఎడమచేతికి నీళ్ళు తగలకుండా స్నానం చేశాను. తర్వాత నాకు పెళ్ళయి నంద్యాలకు వచ్చాను. అవ్వ చెప్పినట్టు ఆ ఇంటివాళ్ళు నాకు మార్కా ఏమీ వేయలేదు. వాళ్ళది ఇనుప సామాన్ల అంగడి, మార్కా రేకే లేదు.

ఆదివారం ఆటల హాలు నుంచి ఇంటికి వచ్చాక ఇదంతా మనవరాలికి చెప్పాను. మొత్తం విని "నాకూ తక్కెడ వెయ్ అవ్వా, కిందికి పోయి ఆడుకుంటా" అంది. నేను మా అమ్మాయి వైపు చూశాను, అది పిల్లను అపార్ట్‌మెంటు కిందికి ఒంటరిగా పంపదు. దాని భయాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు, లారీలో పోయినవాడు నా తమ్ముడే. అమ్మాయి గడియారం చూసి "అరగంటే. గేటు దాటితే ఊరుకోను" అంది. స్కెచ్ పెన్నుతో పిల్ల మోచేతి కింద గుండ్రంగా గీసి లోపల తక్కెడ వేశాను. చెయ్యి కదిలించొద్దని కసిరాను కూడా. అది మెట్లు దిగి పరిగెత్తింది. బాల్కనీలోంచి చూస్తుంటే, తిన్నగా వాచ్‌మన్ దగ్గరికి పోయి చెయ్యి చాపి చూపించింది. అతను కళ్ళజోడు సర్దుకుని కిందా మీదా చూసి "ఇది ఏ పార్టీ గుర్తు తల్లీ?" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. అంగడి మూసేసి ఎన్నేళ్ళయిందో, ఆ రేకు ఏ పాతసామాన్లలో పోయిందో. మార్కా వేయడం నాకింకా చేతనవుతుంది. దాన్ని చూసి పిల్లను ఏ గడప ముందుకు తెచ్చివ్వాలో తెలిసినవాళ్ళు ఒకప్పుడు దారి పొడుగునా ఉండేవాళ్ళు, ఇప్పుడు నేనూ తమ్ముడూ మిగిలాం. వాడికి ఆ లడ్డు తప్ప ఇంకేమీ గుర్తు లేదు.