శుక్రవారం పడవలో మురికి బట్టలు

వొబ్బెకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ డచ్చి దీవి మొత్తానికీ తెలుసు. కార్లను, మనుషులను అటూ ఇటూ చేరవేసే పెద్ద పడవలో అతని ఉద్యోగం. నారింజ రంగు కోటు తొడుక్కుని డెక్కు మీద నిలబడి, వచ్చిన కారును వచ్చినట్టు చేతి సైగలతో లోపలికి నడిపించి, పక్కపక్కనే ఇరికించి పేర్చాలి. సెలవులకు వచ్చినవాళ్లెవరైనా అతని చేతులు చూడకుండా తమ అద్దంలో చూసుకుంటూ బండి నడిపారో, వాళ్ల పని అయిపోయినట్టే. "నా చెయ్యి చూడవయ్యా బాబూ! నా పడవ సంగతి నీ అద్దానికేం తెలుసు?" అని డెక్కంతా దద్దరిల్లేలా అరిచేవాడు. అలా తిట్లు తిన్నవాళ్లే మరుసటి ఏడు మళ్లీ వచ్చి, ఆ మనిషి ఇంకా ఉన్నాడా లేడా అని వెతుక్కునేవాళ్లు.

అతని భార్య హిస్కెది వేరే రకం. కోపం వస్తే నోరు మూసుకుని ఏదో ఒకటి కడిగేస్తుంది. దీవిలో అందరిలాగే వాళ్లు కూడా ఎండాకాలం రాగానే ఇల్లు అతిథులకు అద్దెకిచ్చి, తాము సామాను సర్దుకుని పెరట్లో షెడ్డులోకి మారిపోయేవాళ్లు. సైకిళ్ల పక్కన రెండు మంచాలు, ఒక పొయ్యి, పైన కట్టిన అటక మీద కూతురు ఫెన్నా పరుపు. ఇంట్లో దిగిన ప్రతి కుటుంబానికీ హిస్కె తాళం చేతికిస్తూ ఒకటే మాట అప్పజెప్పేది: "వెళ్లే రోజు దుప్పట్లు తీసి, దిండు గలీబులో కుక్కి, తలుపు దగ్గర పెట్టండి. మిగతాది నేను చూసుకుంటాను." ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఫెన్నా ఆ మాట వింటూనే పెరిగింది.

ఆ ఏడు ఫెన్నా బడి చదువు గట్టెక్కింది. ఫోన్లో కబురు తెలియగానే, పిల్లలు పాసైన అందరిళ్లలోలాగే, జెండా ఎగరేసి దాని కొసకు ఆమె పుస్తకాల సంచి వేలాడదీశారు. మామూలుగా వారం పది రోజుల్లో దించేస్తారు. వొబ్బె దించలేదు. జెండా తీశాడు గానీ సంచి మాత్రం జెండా కొయ్యకే ఉంచాడు. వానకు తడిసింది, ఎండకు వెలిసింది. పడవలో అతనితో పనిచేసే టాకె రోజూ ఆ దారినే సైకిలు మీద వస్తూ, "ఏంరా వొబ్బె, మీ అమ్మాయి ఇంకా పాసవుతూనే ఉందా?" అని అడిగేవాడు. చివరికి ఆగస్టులో ఫెన్నాయే స్టూలెక్కి సంచి దించింది. ఇక ఆమె అవతలి గట్టు మీద ఉన్న గ్రోనింగన్‌లో కాలేజీకి పోవాలి.

ఆమె వెళ్లే రోజున వొబ్బెకు డ్యూటీ ఉంది. మంచం పరుపు, సైకిలు, గిన్నెలు అన్నీ కుక్కిన తమ కారును హిస్కె నడుపుకుంటూ వచ్చింది. పక్క సీట్లో ఫెన్నా. సొంత బండిని సొంత చేతులతో లోపలికి సైగ చెయ్యాల్సిన గతి పట్టింది అతనికి. వారం నుంచీ కూతురికి చెప్పాలని ఒక మాట కూర్చుకుంటున్నాడు. తీరా చూస్తే హిస్కె బండిని వంకరగా పెట్టింది.

"కుడికి! కుడికంటే ఎడమా? నా చెయ్యి చూడమంటే ఎక్కడ చూస్తున్నావ్?"

"నీ మొహం చూస్తున్నా," అంది హిస్కె అద్దం దించి.

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. ఫెన్నా కడుపు పట్టుకుని నవ్వింది. అవతలి గట్టు చేరేదాకా అతనికి ఊపిరాడలేదు. గట్టు చేరాక కార్లన్నిటినీ దింపడంతోనే సరిపోయింది. కూర్చుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది.

అప్పటి నుంచి మొదలైంది శుక్రవారం గోల. అవతలి గట్టు మీద చదువుకునే దీవి పిల్లలందరూ శుక్రవారం సాయంత్రం పడవకు ఇంటికొస్తారు. ఒక్కొక్కరి భుజాన ఒక్కో పెద్ద సంచి, అందులో వారం రోజుల మురికి బట్టలు. తల్లులు రేవులోనే ఆ సంచులు అందుకుని, "ఛీ, ఇదేం కంపురా!" అంటూ ముక్కు మూసుకుని, మొహం వెలిగిపోతుండగా మోసుకుపోతారు. వొబ్బె కార్లు పేరుస్తూ ఓరకంట చూసేవాడు. రొట్టెల కొట్టువాళ్ల అబ్బాయి వచ్చాడు. మాస్టారుగారి కవల పిల్లలు వచ్చారు. చదువు సంధ్యల్లేని టాకె కొడుకు కూడా, ఏదో వంటల కోర్సట, రెండు సంచులు వేసుకుని వచ్చాడు. ఫెన్నా రాలేదు.

మొదట్లో కొత్తవాళ్లకు స్వాగత వారం అంది. తర్వాత పడవ పోటీల క్లబ్బు అంది. "పడవలు కావాలంటే ఇక్కడ లేవా?" అన్నాడు వొబ్బె ఫోన్లో. ఆ తర్వాత ఎవరిదో పుట్టినరోజు. అన్నిటికీ మించి, ఆమె అద్దెకున్న ఇంట్లో బట్టలుతికే మెషీన్ ఉందట. ఆ ఒక్క మాట దగ్గర వొబ్బెకు ఒళ్లు మండిపోయేది.

"కుర్రకారు ఉండే కొంపలో మెషీన్ ఎవడు పెట్టమన్నాడు? ఆ ఇంటివాడికి పిల్లల్లేరా?"

"మురికి బట్టల కోసమే వచ్చే కూతురైతే రాకపోయినా నష్టం లేదు," అంది హిస్కె, అప్పటికే మెరుస్తున్న గిన్నెను మళ్లీ తోముతూ.

సెప్టెంబరు దాటింది, వాళ్లు షెడ్డు నుంచి ఇంట్లోకి మారారు, వలస బాతులు దిగడం మొదలైంది. వాటిని చూడటానికి దుర్భిణీలు మెడలో వేసుకుని జనం వస్తారు. మేడ మీద ఫెన్నా గదిని వాళ్లకిద్దామని హిస్కె అంది. వొబ్బె ఒప్పుకోలేదు.

"అది ఫెన్నా గది. శుక్రవారం వస్తే ఎక్కడ పడుకుంటుంది?"

"ఏ శుక్రవారం?"

ఎండాకాలం వేరు, ఇది వేరు అని వొబ్బె పట్టుబట్టాడు. ఎండాకాలం ఇంటిల్లిపాదీ షెడ్డుకు పోతారు, మళ్లీ ఇంటిల్లిపాదీ తిరిగొస్తారు. ఇప్పుడు ఒక్క పిల్ల గది ఇచ్చేస్తే, ఆ పిల్ల తిరిగి రాదని తామే ఒప్పేసుకున్నట్టు. ఇదంతా అతను ఇంత వివరంగా చెప్పలేదు. "కుదరదంటే కుదరదు," అన్నాడు అంతే.

అక్టోబరులో ఒక వారం ఫెన్నా తప్పకుండా వస్తానంది. హిస్కె పెద్ద గిన్నెతో బఠానీ సూప్ కాచింది, చెంచా నిలబడేంత చిక్కగా. వొబ్బె, ఫెన్నా గది కిటికీకి పాత రంగు గీకి కొత్తది వేశాడు. గురువారం ఫోనొచ్చింది. ఏదో పరీక్ష ముందుకు జరిగిందట, ఈ వారం కుదరదట. వొబ్బె ఫోన్ బల్ల మీద పడేసి, రంగు అంటిన వేళ్లతోనే భార్య వైపు తిరిగాడు.

"ఇచ్చెయ్ గది! ఎవరికి కావాలంటే వాళ్లకిచ్చెయ్! కిటికీకి రంగు కూడా వేశానని చెప్పు!"

హిస్కె రెండోసారి అడగలేదు. వచ్చే శుక్రవారానికే ఒక జర్మన్ భార్యాభర్తలకు మాటిచ్చేసింది.

ఆ శుక్రవారం అవతలి గట్టు దగ్గర కార్లు ఎక్కిస్తుంటే, దుర్భిణీల పెట్టెలతో నిండిన ఆకుపచ్చ కారు ఒకటి వచ్చింది. తమ అతిథులు వీళ్లేనని పోల్చుకుని, కాస్త మర్యాదగానే సైగ చేసి లోపలి వరసలో పెట్టించాడు. ఇంతలో పైనుంచి ఎవరో అరిచారు.

"కుడికి! కుడికంటే ఎడమా?"

తలెత్తి చూశాడు. రెయిలింగు మీదికి వంగి, అతనిలాగే చేతులు తిప్పుతూ ఫెన్నా. వొబ్బె చెయ్యూపబోయాడు. మరుక్షణం ఆకుపచ్చ కారు వైపు చూశాడు.

మెట్లు దిగి వచ్చి ఆమె అతన్ని కౌగిలించుకుంది. భుజాన చిన్న సంచి తప్ప ఏమీ లేదు.

"బట్టలేవే?"

"ఉతికేసుకున్నా నాన్నా. పోయిన వారం రాలేదని నువ్వు అలిగావని అమ్మ చెప్పింది. అందుకే చెప్పకుండా వచ్చా. నా గదికి రంగేశావటగా?"

"ఆఁ... వేశాను," అన్నాడు. మళ్లీ హారన్‌లు మోగుతున్నాయి. ఆమె పైకి వెళ్లగానే ఇనప స్తంభం చాటుకు పోయి ఇంటికి ఫోన్ చేశాడు.

"హిస్కె, ఫెన్నా వస్తోంది. గది ఖాళీ చేయించు!"

"ఎవర్ని ఖాళీ చేయించను? వాళ్లు నీ పడవలోనే ఉన్నారుగా. నువ్వే సముద్రంలోకి దింపెయ్!"

దీవి చేరాక అన్ని కార్లనూ దింపి ఆకుపచ్చ కారును మాత్రం చిట్టచివరికి ఆపాడు. ఎందుకాపాడో అతనికే తెలియదు. దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. అందరూ పోయేదాకా అతనూ అక్కడే నిలబడాలి కదా. కారు కిటికీలోంచి ఆ పెద్దాయన నవ్వుతూ చెయ్యూపితే, పళ్లు కొరుకుతూ తనూ ఊపాడు.

అతను ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. జర్మన్ దంపతులు మేడ మీద, ఫెన్నా వంటింట్లో సూప్ తాగుతూ.

"దానికేముంది నాన్నా, షెడ్డు ఉందిగా," అంది రొట్టె ముక్క ముంచుకుంటూ. "నేను లేనప్పుడు గది ఊరికే ఎందుకుండాలి?"

వొబ్బెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల ఏడిస్తే బాగుండేది. గిన్నె విసిరికొట్టినా బాగుండేది. "నీ గదే అది! పరాయివాళ్లకు ఇచ్చేస్తే ఒక్క మాటనవా? అరిచెయ్, తిట్టు, నన్నేమైనా అను!"

"ఎందుకంటాను? రెండు రాత్రులే కదా."

అతను షెడ్డులోకి పోయి హీటర్‌తో కుస్తీ పట్టాడు. అది వెలగదు. చేత్తో కొడితే వెలిగింది, మళ్లీ ఆరిపోయింది. హీటర్‌ను తిట్టినన్ని తిట్లు జీవితంలో ఏ కారువాడినీ తిట్టలేదు. వెనకాలే వచ్చిన హిస్కె ఇంట్లోంచి వెలిగే హీటర్ ఇంకొకటి తెచ్చిపెట్టి పోయింది.

శనివారం పొద్దున ఫెన్నా అతిథులతో కలిసి ఫలహారం చేసింది. బాతులు ఎక్కడ మేస్తాయో వాళ్లకు జర్మన్‌లో చెప్పి, సముద్రపు కట్ట దాకా తోడు వెళ్లి చూపించి వచ్చింది. ఎంత చక్కని అమ్మాయి అని ఆ జర్మన్ ఆవిడ హిస్కెతో అంది. ఆదివారం మధ్యాహ్నం పడవకు వొబ్బె కూతురితో పాటు రేవు దాకా నడిచాడు.

"వచ్చే శుక్రవారం?"

"చూస్తా నాన్నా."

కూర్చుకున్న మాట ఈసారీ రాలేదు. తాడు విప్పుతున్న టాకె మీద, ఏం కారణం లేకుండా, ఒక్క అరుపు అరిచి ఇంటికొచ్చాడు.

హీటర్ తీద్దామని షెడ్డు తలుపు తోస్తే, తలుపుకేదో అడ్డం తగిలింది. లోపలికి తొంగి చూశాడు. దుప్పట్లు తీసి, గలీబులో కుక్కి, తలుపు దగ్గర పెట్టి ఉన్నాయి. నేల ఊడ్చి ఉంది. కప్పు కడిగి బోర్లించి ఉంది.

"హిస్కె!" అన్న కేక విని ఆమె చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. అతను ఆ గలీబు మూటను చూపించాడు. "ఈ మర్యాద దానికి ఎవరు నేర్పారు? అదేమన్నా అతిథా? ఎన్నేళ్లు పడుకుంది ఇక్కడ, ఏనాడైనా దుప్పటి తీసిందా?"

హిస్కె మంచం మీది బోసిపోయిన పరుపు మీద కూర్చుంది. "నేనే నేర్పాను. ఎండాకాలమంతా నా నోటెంట వచ్చేది ఆ ఒక్క మాటేగా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్క మురికి బట్టల సంచి తెస్తుందని నేను కూడా ఎదురుచూశాను, వొబ్బె. రెండు నెలలుగా శనివారాలు మెషీన్ ఖాళీగా ఉంచాను," అంది.

ఆమె లేచి మూట అందుకోబోయింది. "ఇటివ్వు, ఉతికేస్తాను."

"వద్దు."

"వద్దంటే?"

"మాసిపోలేదు. రెండు రాత్రులేగా."

మూట విప్పి, ఉన్న దుప్పటి ఉన్నట్టే మళ్లీ పరుపు మీద పరవడం మొదలుపెట్టాడు. సాగే అంచు ఉన్న దుప్పటి అది. ఒక మూల తొడిగితే ఇంకో మూల ఊడివస్తోంది. కొన్ని వేల కార్లను అంగుళం తేడా లేకుండా ఇరికించిన మనిషికి ఒక దుప్పటి లొంగడం లేదు. పళ్లబిగువున లాగుతుంటే హిస్కె ఎదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"నా చెయ్యి చూడు. కుడికి... ఇంకొంచెం. కుడికంటే ఎడమా?"

అతను నవ్వలేదు. కానీ కుడికి లాగాడు.

"చలికాలం అంతా దీన్నిలాగే ఉంచుతావా?" అందామె. "వచ్చే వారం ఇంకెవరో పక్షులవాళ్లు అడుగుతున్నారు. మేడ మీద గది చాలకపోతే షెడ్డయినా సరేనట."

"షెడ్డు ఖాళీ లేదని చెప్పు," అన్నాడు వొబ్బె, మళ్లీ ఊడిన మూలను పట్టుకుని.