నా ఆఫీసు గోడ మీద నిజం

రాయవే బుజ్జీ. పైన పేరు పెద్దక్షరాలతో... వద్దొద్దు, చిన్నక్షరాలే వెయ్యి. పెద్దక్షరాల మోజులో పడే ఒక పెళ్లి సంబంధాన్ని, ఒక గదిని, ఒక బ్యాంకు ఉద్యోగి జుట్టుని ఒకే మధ్యాహ్నం గోదాట్లో కలపబోయాను. జుట్టేంటని అడక్కు, అక్కడికే వస్తున్నా. కోడి గీరినట్టు గీరకుండా కుదురుగా రాయి.

రాజమండ్రిలో ఫ్లెక్సీలు కొత్తగా దిగిన రోజులవి. మండపేటలో మా ఇంటి ముందుగదిలో నేను పెళ్లి సంబంధాల ఆఫీసు తెరిచాను. అప్పటిదాకా ఆ గదిలో బియ్యం బస్తాలు కాపురం ఉండేవి. రైస్‌మిల్లులో గుమాస్తా చేసే మీ తాతయ్య వాటిని పడకగదిలోకి మోయించి, రొప్పుతూ ఒక షరతు పెట్టారు.

"దీపావళి లోపు ఒక్క సంబంధమైనా కుదర్చాలి. లేదంటే బస్తాలు ముందుగదికి, నువ్వు వంటగదికి!"

నాకు పౌరుషం వచ్చింది. ఆఫీసన్నాక గోడలు మాట్లాడాలని రాజమండ్రి బస్సెక్కాను. ఫ్లెక్సీలు వేసే అబ్బాయి అడిగాడు, "ఏ దేవుడి బొమ్మ పెట్టమంటారండి?"

"బొమ్మలేస్తే క్యాలెండరవుద్ది బాబూ. ఒట్టి అక్షరాలే ఉండాలి."

"ఎంతెంత ఉండాలండి?"

"పనసకాయలంత!"

"ఆయ్, అలాగేనండి."

పాపం, కంప్యూటర్లో ఉన్న అక్షరాలన్నీ చూపించాడు. సన్నవి, లావువి, నడుం వంపులు తిరిగినవి. చీరల కొట్లో కూర్చున్నట్టు కూర్చుని అన్నీ తిరగేయించి, అన్నిటికన్నా బొద్దువి ఎంచాను. ఒక గోడకి 'చిరునవ్వుతో రండి'. ఇంకో గోడకి 'జంటగా వెళ్లండి'. మూడోది పొడుగు గోడ. దానికి సరిపోయేంత పొడుగు మాట కావాలి కదా! 'ఇక్కడ నిజం మాత్రమే చెప్పబడును' అని వేయించాను. చదివే అమ్మలూ అయ్యలూ, ఆ మాట మీద నాకు ప్రత్యేకమైన భక్తేం లేదు. గోడకి కొలత సరిపోయిందంతే.

మర్నాడే ఎదురింటి సుబ్బలక్ష్మిగారు గోంగూర పచ్చడి పట్టుకొచ్చారు. "ఎలా కుదిరిందండి?"

"అమృతం అనుకోండి!"

ఆవిడ గోడకేసి చూశారు. "బోర్డు పెట్టారు కదా. నిజం చెప్పండి."

చెప్పాను. నెల్లాళ్లు ఆవిడ మా వాకిట్లోంచి వెళ్తూ మొహం కొబ్బరిబొండంలా ఎత్తి పెట్టుకునేవారు.

అయినా బుద్ధొచ్చిందా? రాలేదు. దీపావళి ముంచుకొచ్చేస్తుంటే, నా అదృష్టం పండి ఒక పెళ్లిచూపులు మా ఆఫీసులోనే కుదిరాయి. అబ్బాయి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగి. ఫోటో ఇచ్చిన రోజునే వాళ్లమ్మగారు నా చెవిలో ఊదారు, "మావాడిది విగ్గండి పిన్నిగారూ. తాంబూలాలయ్యేదాకా మాట బయటికి పొక్కకూడదు." ఒట్టేశాను. అమ్మాయిది తుని. వాళ్ల నాన్నగారు బళ్లో మేష్టారు, గోడ మీద ఏం కనపడినా పైకి చదివే మనిషి.

అబ్బాయిని ఎక్కడ కూర్చోబెట్టానంటావ్? పొడుగు గోడ కింద! పనసకాయంత 'నిజం' సరిగ్గా ఆ విగ్గు మీద వేలాడుతోంది.

అమ్మాయి పూతరేకుల పళ్లెం అందరి ముందూ పెట్టింది. "మా అమ్మాయి తన చేత్తో చుట్టిందండి," అన్నారు మేష్టారు. అబ్బాయి తల్లి రెండు లాగించి మూడోది అందుకున్నారు. అంతా పాకంలా సాగుతోంది. అప్పుడు మేష్టారు కళ్లజోడు సర్దుకుని పాఠం చెప్పినట్టు చదివారు.

"ఇక్కడ... నిజం... మాత్రమే... చెప్పబడును. భేష్! అయితే అమ్మా, ఒక్క మాట అడుగుతాను. అబ్బాయి గురించి మాకు తెలియంది ఏదైనా ఉందా?"

అవతల ఒట్టు. ఇవతల బోర్డు. ఒట్టు చెవిలో వేసింది, బోర్డు అరమైలు దూరానికి కనపడేది.

"ఉందండి. మనసు బంగారం."

"లోపలి సంగతి కాదమ్మా. పైకి?"

"పైకా?" అన్నాను. నా నోరు మూసుకునే ఉంది బుజ్జీ, నా పాడు కళ్లే సూటిగా వెళ్లి ఆ విగ్గు మీద వాలాయి. గదిలో ఉన్న కళ్లన్నీ వాటి వెనకాలే బయల్దేరాయి.

అబ్బాయి లేచాడు. బోర్డుకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశాడు. టోపీ తీసినట్టు జుట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. ట్యూబులైటు ఇంకోటి వెలిగినట్టయింది.

"అయిపోయింది," అనుకున్నాను. బియ్యం బస్తాలు వరసగా లోపలికి నడిచొస్తున్నట్టు కనిపించాయి.

అంతలో కిసుక్కుమని నవ్వు. అమ్మాయి! "హమ్మయ్య. నాన్నా, నేనూ చెప్పేస్తాను. ఆ పూతరేకులు నేను చుట్టలేదండి. ఆత్రేయపురం నుంచి తెప్పించాం. నాకు కాఫీ పెట్టడం ఒక్కటే వచ్చు."

అబ్బాయి తల్లి చేతిలో మూడోది గాల్లో ఆగిపోయింది. మేష్టారు కళ్లజోడు తీసేశారు, అది తీసేస్తే ఆ మాట వినపడదన్నట్టు.

అబ్బాయి మాత్రం బోడితల తడుముకుంటూ అన్నాడు, "దానికేముందండి, ఆత్రేయపురం మాకు దగ్గరే. కొనుక్కుందాం."

ఆ 'కొనుక్కుందాం'తో మాట ఖాయమైంది! తల్లి ఆగిపోయిన పూతరేకు నోట్లో పెట్టుకుని, "ఎవరు చుట్టినా బావున్నాయిలెండి," అన్నారు. సాయంత్రం మీ తాతయ్య గుమ్మంలో నిలబడి, "ఇంతకీ నా బస్తాల సంగతేంటి?" అన్నారు.

"మీ మంచం కిందే ఉంటాయండి. ఇక్కడ నిజం మాత్రమే చెప్పబడును!"

ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లు చేశానో మీ అమ్మనడుగు. బోర్డుని మాత్రం ఆ రాత్రే ఊడబెరికాను. అది చాలాకాలం పెరట్లో వడ్ల మీద పరదాగా బతికింది, అక్షరాలు కిందికి పెట్టి.

కాబట్టి, రాసుకో, గోదారమ్మ సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో, పై జన్మలో కూడా, నేను కట్టుబడలేని మాటని పనసకాయంత కాదు కదా, ఉసిరికాయంత అక్షరాలతోనైనా గోడకెక్కించను.

ఏంటే? నీ దస్తూరీ ఎలా ఉందా?

ఉండు, గోడ చూడనీ... ఏం లేదుగా. ముత్యాల కోవలా ఉందే తల్లీ!