నిత్యానందం చేతి బీరు

నిత్యానందం ఖతర్ వెళ్ళింది వంటవాడిగా. సొంతూరు నరసాపురం దగ్గర పల్లె. దుఖాన్‌లో చమురు కంపెనీ క్వార్టర్లలో పెన్రోజ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో పని కుదిరింది.

పెన్రోజ్ తాత వాళ్ళ దేశంలో సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో చిన్న బీరు బట్టీ నడిపేవాడట. అది మూతపడినా ఆ రుచి మనవణ్ణి వదల్లేదు. డబ్బాల్లో దొరికే చల్లటి బీరు అతనికి నచ్చేది కాదు. ఎర్రగా, కాస్త చేదుగా, మరీ చల్లగా లేకుండా ఉండాలి. దాన్ని ‘ఏల్’ అనేవాడు. సెలవు మీద వెళ్ళొచ్చినప్పుడల్లా పెట్టెలో మొలకెత్తిన బార్లీతో చేసిన చిక్కటి మాల్టు పాకం డబ్బాలూ, చేదు కోసం వేసే ఎండు హాప్ పువ్వులూ తెచ్చుకునేవాడు. తను చేసినవన్నీ పుల్లబడిపోతుంటే, చివరికి ఆ పని వంటవాడికి అప్పగించాడు.

"పోలీసులు సార్?" అన్నాడు నిత్యానందం. ఆ దేశంలో ఇంట్లో బీరు పులియబెట్టడం నేరం.

"ఇల్లు నాది. ఏం జరిగినా నేను చూసుకుంటా," అన్నాడు పెన్రోజ్.

నిత్యానందం పాకం మరగబెట్టి, పువ్వులు వేసి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియబెట్టి, సీసాల్లో పోసి, సామాన్ల గదిలో ఏసీ కింద పెట్టేవాడు. చెంచాతో నాలుక మీద వేసుకుని చూసి ఉమ్మేసేవాడు. ఒక్క చుక్కా గొంతు దిగనిచ్చేవాడు కాదు. శుక్రవారం సాయంత్రాలు దొరలు వచ్చి, "అచ్చం మన ఊరి రుచే పెన్రోజ్!" అనేవాళ్ళు. పెన్రోజ్ తల ఊపి నవ్వేవాడు. ట్రే పట్టుకుని నిలబడ్డ నిత్యానందానికి లోలోపల పొంగిపోయినట్టుండేది.

అవి సొంతూళ్ళో ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన రోజులు. అతని భార్య సుసన్న ముందుండేది. "కొట్టు మూయించేశామండీ!" అని ఫోన్లో చెప్పి, "మీరక్కడ తాగట్లేదు కదా?" అని అడిగింది.

"చుక్క తాగలేదే," అన్నాడు. అది నిజమే. మిగతాది చెప్పలేదు.

తొంభై అయిదు జూలైలో, పెన్రోజ్ ఆఫీసులో ఉండగా, సామాన్ల గది ఏసీ ఆగిపోయింది. ఆ వేడికి సీసాలు ఒకటొకటిగా పేలడం మొదలెట్టాయి. గ్యాస్ సిలిండర్ అనుకుని పక్కింటావిడ ఫోన్ చేసింది. సెక్యూరిటీ వచ్చింది, వెనకే పోలీసులు. నిత్యానందం పాదాలు మునిగేంత నురుగులో చీపురు పట్టుకుని దొరికాడు.

పెన్రోజ్‌ని పిలిపించి, "ఇదెవరిది?" అని అడిగారు.

"నాకు తెలీదు. ఆ గది వంటవాడిది," అన్నాడు.

తను సరిగ్గా వినలేదనుకున్నాడు నిత్యానందం. "సార్, మీరే కదా..." అన్నాడు. పెన్రోజ్ తడిసిన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

కొన్ని నెలలు జైలు. తర్వాత వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కించారు.

సంగతి అప్పటికే సుసన్నకు తెలుసు. అదే కంపెనీలో ఫిట్టర్‌గా ఉన్న భీమవరం కుర్రాడు జోయెల్ ఫోన్ చేసి చెప్పాడు. సారా మీద పోరాడిన సంఘంలో ఆడవాళ్ళు ఆమెను మీటింగులకు పిలవడం మానేశారు.

"తాగి పట్టుబడ్డా క్షమించేదాన్నేమో. కాచి పట్టుబడ్డారు," అంది.

"సారా కాదు సుసన్నా, అది వేరు..."

"నలుగురి చేతా తాగించేదేగా!"

రాష్ట్రంలో అప్పుడు మద్యనిషేధం. ఊళ్ళో ఎక్కడ సారా దొరికినా ముందు నిత్యానందాన్నే స్టేషన్‌కి తీసుకెళ్ళేవాళ్ళు. తాగుబోతులు పెరటి వైపు నుంచి వచ్చి, "మాకూ కాచిపెట్టు బాబాయ్," అని బతిమాలేవాళ్ళు. తరిమేసేవాడు. అది మాత్రం ఎవరూ నమ్మలేదు.

మరుసటేడు సెలవు మీద ఊరొచ్చిన జోయెల్ పలకరించి పోదామని ఇంటికి వచ్చాడు.

"దొర ఎలా ఉన్నాడు?" అన్నాడు నిత్యానందం.

"అక్కడే ఉన్నాడన్నయ్యా. మందలించి వదిలేశారంట. కొత్త వంటవాణ్ణి పెట్టుకున్నాడు, శ్రీలంక అతను. బీరు మళ్ళీ మొదలెట్టారు కూడా. కానీ నీ చేతి రుచి రావట్లేదంటున్నారు."

నిత్యానందం ముఖం వెలిగింది. "చల్లారకుండానే ఈస్టు వేసేస్తున్నాడేమో. కాస్త ఆగమని చెప్పు జోయెల్," అన్నాడు ఆత్రంగా.

తల తిప్పితే, రెండు టీ గ్లాసులతో గుమ్మంలో సుసన్న. జోయెల్‌కి ఒకటి ఇచ్చింది. రెండోది వాకిట్లో పారబోసి లోపలికి వెళ్ళిపోయింది.