రెబెకా విడిచిన గుంటనక్క

రెబెకా ఆ తోటలో పనికి కుదిరినప్పుడు ఆమెకు అప్పజెప్పింది కుక్కల వంట.

ఖిల్లా ఘణపూర్ దాటాక శివశంకర్ అనే రైతుకు పెద్ద కమతం ఉంది. బోరు కింద పల్లీ చేను, దాని పక్కన మామిడి తోట, తోట నడుమ రేకుల షెడ్డు. ఆ షెడ్డులో వేటకుక్కలుండేవి. కర్ణాటక నుంచి తెప్పించిన జాతి. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, ఎముకలు కనిపించే డొక్కలు. వాటికి పొద్దున నూక సంకటి, సాయంత్రం కోళ్ల దుకాణం నుంచి తెచ్చిన తలకాయలు, కాళ్లు ఉడకబెట్టి పెట్టడం రెబెకా పని.

అంతకుముందు ఆమె, ఆమె పెనిమిటి ఇస్రాయేలు చాలా ఏళ్లు పుణెలో కాంక్రీటు పనికి పోయారు. ఒక స్లాబు మీది నుంచి ఇస్రాయేలు జారిపడ్డాడు. తుంటి అతికింది గానీ బరువు మోసే మనిషి కాకుండా పోయాడు. కొడుకు దినేష్ అక్కడే సెంట్రింగు పనిలో ఉండిపోయాడు, వీళ్లిద్దరూ ఊరికొచ్చారు. భూమి లేదు. కుంటుకుంటూ నడిచే కూలిని ఎవరు పిలుస్తారు? శివశంకర్ పిలిచాడు. ఇస్రాయేలుకు జ్వరమొచ్చినప్పుడు తన జీపులోనే వనపర్తికి పంపించాడు కూడా. రెబెకా ఆ మేలు మరిచిపోయేది కాదు.

ఊరికే పిలవలేదు. ఇస్రాయేలుకు చిన్నప్పుడు తండ్రి వెంట గుట్టలు తిరిగిన అలవాటుంది. బొరియ ముందర మట్టి చూసి లోపల గుంటనక్క ఉందో లేదో చెప్పగలడు. పల్లీ పీకేసి చేన్లు బయలైన రోజుల్లో, ఆదివారాలు, శివశంకర్ స్నేహితులు జీపుల్లో వచ్చేవారు. ముందు రోజే ఇస్రాయేలు వెళ్లి గుట్ట కింది బొరియలన్నీ రాళ్లతో, రేగుకంపతో మూసి వచ్చేవాడు, మేతకెళ్లిన నక్క తిరిగొచ్చి దూరడానికి చోటు లేకుండా. తెల్లారి కుక్కలను వదిలేవారు. జీపుల్లో నిలబడి ఫోన్లలో వీడియోలు తీసేవారు. పిల్లికంటే కాస్త పెద్దదైన ఆ జీవం దారి తెలియక బయటి చేన్లో సున్నాలు చుట్టి చుట్టి, ఏదో ఒక గట్టు దగ్గర ఆగిపోయేది.

"నీకు పాపమనిపియ్యదా?" అని రెబెకా ఒకసారి అడిగింది.

"పుణె నుంచి వచ్చినంక నన్ను మనిషని పిలిసింది ఈ పనికే," అన్నాడు ఇస్రాయేలు.

వేటకు ముందు రోజు కుక్కలకు కూడు పెట్టొద్దని శివశంకర్ పటేలు మాట. కడుపు నిండితే ఉరకవట. ఆ రోజు కుండ పొయ్యి మీదికెక్కకపోతే చాలు, కుక్కలన్నీ జాలీకి మూతులు పెట్టి ఏడ్చేవి. రెబెకా అటు మొహం తిప్పేది కాదు. ఒక ఎండాకాలం, ఎర్రటి మగకుక్క ఒకటి నక్కను తరుముతూ తరుముతూ చేను నడుమ కూలబడి, మళ్లీ లేవలేదు. నీళ్లు తెమ్మని ఎవరో అరిచారు. రెబెకా బిందె పట్టుకుని పోయేసరికి దాని నాలుక మీద మట్టి అంటుకుని ఉంది. శివశంకర్ కాసేపు చూసి, "పోనీ, ముసల్దయింది," అన్నాడు. దాన్ని ఎండిపోయిన కాలువలో పారేశారు. దాని వయసు నాలుగేళ్లు కూడా లేదు.

ఆ కుక్కలన్నిటిలో రెబెకాకు సొంతమనిపించేది సుక్కి.

పిల్లగా వచ్చినప్పుడే దానికి రక్తపు విరేచనాలు పట్టుకున్నాయి. బతకదు, అవతల పారెయ్యమన్నారు. రెబెకా ఇంటికి తీసుకుపోయి, గంజి తేట, ఉప్పు కలిపిన మజ్జిగ వేలితో నాకిస్తూ ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అది బతికింది. నుదుటి మీద తెల్లటి చుక్క ఉందని సుక్కి అని పిలుచుకుంది. పెరిగాక అన్నిటికంటే వేగంగా ఉరకడం చూసి పటేలు దానికి రాకెట్ అని పేరు పెట్టాడు. ఆ పేరుకు అది తోక ఊపేది, రెబెకా పిలిస్తే మాత్రం ఒళ్లంతా ఊపేది. మధ్యాహ్నం పూట, ఎవరూ లేనప్పుడు, రెబెకా దాని గొలుసు విప్పేది. అది మామిడి చెట్టు కింద ఆమె కాళ్లకానుకుని పడుకునేది.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున ఇస్రాయేలు గోనెసంచి మోసుకొచ్చాడు. సంచి కదులుతోంది.

కొత్తగా తెచ్చిన కుక్కపిల్లలకు వేట నేర్పాలి. అందుకు బతికున్న గుంటనక్క కావాలన్నాడు పటేలు. సాయంత్రం స్నేహితులొచ్చాక, దాని వెనక కాలొకటి కట్టేసి ఆ కుక్కపిల్లల ముందు వదలాలని మాట. ఇస్రాయేలు తెల్లవారుజామునే బొరియలో ఎండుమిరపకాయల పొగ పెట్టి, బయటికి దూకినదాన్ని వలలో పట్టాడు. కరవకుండా దాని మూతికి సెంట్రింగు వైరు చుట్టాడు. వెనక కాలికి బిగించిన తాడుతో షెడ్డు గుంజకు కట్టి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

రెబెకా నీళ్ల గిన్నె తీసుకుని దగ్గరికి వెళ్లింది. మూతి కట్టేసి ఉంటే ఎట్లా తాగుతుందని అప్పుడు తోచింది. పెద్ద చెవులు, బూడిద రంగు ఒళ్లు, నల్లటి కొస ఉన్న తోక. పొగకు కళ్ల నుంచి నీరు కారుతోంది. అది నేలకు అంటుకుపోయి వణుకుతుంటే పొట్ట కింద రొమ్ములు కనిపించాయి. ఉబ్బి ఉన్నాయి. ఒక రొమ్ము కొసన పాలచుక్క మట్టితో కలిసి ఉండకట్టింది.

గిన్నె అక్కడే పెట్టి రెబెకా నల్లా దగ్గరికి పోయింది.

"దినేషు నాయినా, దీనికి పాలున్నయి."

ఇస్రాయేలు తలెత్తలేదు.

"నిన్నే. పిల్లలేడున్నయి?"

"బొక్కల్నే ఉంటయి."

"బొక్క?"

"మూసిన."

"ఎందుకు మూసినవ్?"

"ఇంకోటి ఉంటే పారిపోతదని పటేలే మూయమన్నడు. నాకేం తెల్సు పిల్లలున్నయని? పొగల ఏం కానొస్తది?"

"ఇప్పుడు తెల్సె గదా. పోయి తియ్."

"పటేలు చూస్తుండు, జర ఊకో," అన్నాడు ఇస్రాయేలు. చేతులు కడుక్కోవడం అయిపోయినా నీళ్లు అట్లాగే వదిలేసి నిలబడ్డాడు.

శివశంకర్ జీపెక్కబోతున్నాడు. వనపర్తి నుంచి స్నేహితులకు బిర్యానీ తేవాలి. రెబెకా అడ్డంగా పోయి నిలబడింది. అంతకుముందెప్పుడూ అట్లా నిలబడలేదు.

"పటేలా, అది పిల్లల తల్లి. ఇడిసిపెట్టున్రి. మీ కాల్మొక్త."

"పిల్లల తల్లయితే ఏమాయె?"

"పాలు కారుతున్నయి పటేలా. పిల్లలు బొక్కల ఉన్నయి, పానాలు పోతయి."

శివశంకర్‌కు కోపం రాలేదు. నవ్వాడు. "మంచిదే గదా రెబెకా. పిల్లల దిక్కు పోవాల్నని ఇంకా గట్టిగ ఉరుకుతది. మన కుక్కపిల్లలకు బాగ నేర్పొచ్చు." జీపు కదిలింది.

రెబెకా వంటింటి గడపలో కూర్చుంది. ముందు రోజు నుంచి కూడు లేని కుక్కలు జాలీ వెనక ఏడుస్తున్నాయి. ఇస్రాయేలు నులక మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు, నిద్రపోలేదని ఆమెకు తెలుసు. ఎండ నడినెత్తికొచ్చింది. ఆమె లేచి, కూరగాయల కత్తి తీసుకుని షెడ్డులోకి పోయింది.

ముందు మూతికున్న వైరు విప్పింది. వైరు తోలులోకి దిగి ఉంది. చివరి చుట్టు ఊడగానే నక్క ఆమె అరచెయ్యి కొరికింది. పళ్లు బొమికకు తగిలాయి. రెబెకా అరవలేదు, చెయ్యి లాక్కోలేదు. అదే వదిలేదాకా ఆగి, మరో చేత్తో తాడు కోసింది. నక్క ఒక క్షణం అట్లాగే పడి ఉంది. తర్వాత లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ, కంచె కింది నుంచి గుట్ట వైపు ఉరికింది.

అప్పుడు గుర్తొచ్చింది రెబెకాకు. సుక్కి గొలుసు ఆమే పొద్దున విప్పింది. పటేలు పోగానే, ఏమీ ఆలోచించకుండా, అలవాటు మీద విప్పేసింది.

మామిడి చెట్టు కింద సుక్కి లేచి నిలబడి ఉంది. చెవులు రెండూ నిక్కాయి.

"సుక్కీ! వద్దు! సుక్కీ!"

కుక్క కంచె దూకింది.

రెబెకా ఉరికింది. చెప్పులు ఊడిపోయాయి, పల్లేరుకాయలు కాళ్లకు గుచ్చుకున్నాయి. చేన్లో రెండు దుమ్ము గీతలు కనిపిస్తున్నాయి, వెనకది ముందుదాన్ని అందుకుంటోంది. నక్క ఒకసారి పక్కకు తిరిగి తప్పించుకుంది. రెండోసారి తిరగబోతే ఈడ్చే కాలు మడతపడింది. అయినా అది మొహం తిప్పి సుక్కి మూతిని పట్టుకుంది. రెండూ దొర్లాయి. రెబెకా అరుస్తూనే ఉంది. ఆమె చేరేసరికి నక్క మెడ వాలిపోయింది.

సుక్కి దాన్ని నోట కరుచుకుని వచ్చి రెబెకా కాళ్ల ముందు పెట్టింది. పైపెదవి చీలి వేలాడుతోంది, ఒక కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. రోజంతా కూడు లేని కుక్క ఆ మాంసాన్ని ముట్టలేదు. రెబెకా మొహంలోకి చూస్తూ ఒళ్లంతా ఊపింది.

కొడదామని రెబెకా చెయ్యెత్తింది. ఆ చేతి నుంచి నెత్తురు కారుతోంది. కొట్టలేకపోయింది. అక్కడే కూలబడి, కుక్క మెడ మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది.

ఏడుపు విని ఇస్రాయేలు కుంటుకుంటూ వచ్చాడు. నక్కను చూశాడు. వెనక్కిపోయి గడ్డపార తెచ్చాడు.

"లే. బొక్క సూపిస్త."

గుట్ట కింద రేగుచెట్ల దగ్గర అతను పేర్చిన రాళ్లు అట్లాగే ఉన్నాయి. ఇద్దరూ తవ్వారు. ఇస్రాయేలు తుంటి నొప్పికి మూలుగుతూనే గడ్డపార వేశాడు, రెబెకా మంచి చేత్తో మట్టి తోడింది. లోపలి నుంచి మిరపకాయల ఘాటు ఇంకా వస్తోంది. చివరికి చెయ్యి పట్టేంత సందు దొరికితే ఇస్రాయేలు భుజం దాకా చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీశాడు. పిడికెడంత పిల్లలు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయాయి. అడుగున ఉన్న ఒక్కదానికి మాత్రం ఊపిరి ఆడుతోంది. ఇస్రాయేలు దాన్ని అంగీ లోపల, పొట్టకానించి పెట్టుకున్నాడు.

"నేనే సంపిన," అన్నాడు.

"నేను కూడ," అంది రెబెకా.

శివశంకర్ తిరిగొచ్చేసరికి గుంజకు కోసిన తాడు ఉంది. ఎవరు కోశారని అడిగాడు. రెబెకా నోరు తెరిచేలోపలే ఇస్రాయేలు, "నేనే పటేలా," అన్నాడు. పటేలు అతన్ని నమ్మలేదు. రెబెకా చెయ్యి చూశాడు, సుక్కి మొహం చూశాడు.

"పిచ్చి నక్కయితే? పిచ్చి లేస్తే మిగిలిన కుక్కలన్నీ పోతయి," అన్నాడు. తర్వాత డ్రైవర్ రవిని పిలిచి, "ముందు ఈమెను దవాఖానకు తీస్కపో, సూదేపియ్," అన్నాడు.

రెబెకా జీపెక్కుతూ, "పటేలా, సుక్కికి కూడ సూదేపియ్యున్రి, పెదివికి కుట్లెయ్యాలె," అని బతిమాలింది.

"చూస్తలే, నువ్వు పో."

దవాఖానలో గాయం సబ్బుతో చాలాసేపు కడిగి, చుట్టూ సూదులిచ్చారు. మళ్లీ ఏయే రోజులు రావాలో చెప్పారు. ఆమెను దింపేసి వెనక్కొచ్చిన జీపులోనే సుక్కిని ఎక్కించారు. రెబెకా ఆటోలో తోటకు చేరేటప్పటికి మామిడి చెట్టు కింద గొలుసు మాత్రం ఉంది.

నక్కపిల్ల మూడో రోజు దాకా బతికింది. దూది వత్తితో మేకపాలు పిండితే కొంత మింగేది, కొంత ముక్కులో నుంచి వచ్చేది. ఇస్రాయేలు పనికి పోకుండా దాన్ని కడుపుకు హత్తుకునే కూర్చున్నాడు. పశువుల డాక్టరు వచ్చి చూసి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోయిందని చెప్పి, తనకు చేతనైంది చేశాడు. మూడో రోజు పొద్దున్నే అది ఇస్రాయేలు అరచేతిలో కాళ్లు చాపింది.

రెండో సూదికి పోయిన రోజు రెబెకా దవాఖాన బయట రవిని పట్టుకుంది.

"సుక్కిని ఏడ ఇడిసినవ్ బిడ్డా? నిజం జెప్పు."

"తిమ్మాజిపేట దాటినంక, రోడ్డు మీద. సంపెయ్యమన్నడు అత్తా. నాకు చేతులాడలే, గందుకే ఇడిసిన. జీపెంట చాన దూరం ఉరికింది."

ఆమె అటునుంచి అటే రెండు బస్సులు మారి పోయింది. కట్టు కట్టిన చేత్తో, రోడ్డు పక్కన కనిపించిన ప్రతి మనిషినీ అడిగింది. నుదుట తెల్ల చుక్క, సన్నటి కుక్క, మూతి చీలింది. మల్లెలు అమ్ముకునే ఆమె చూడలేదంది. గొర్ల కాపరి చూడలేదన్నాడు. చాయ్ హోటల్ నడిపే జోగులమ్మ మాత్రం చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"అది నీ కుక్కనా అవ్వా? గా మైలురాయి కాడ కూసునేది. జీపు సప్పుడొస్తే లేసి నిలవడేది. పోయినంక మల్ల కూసునేది. బన్నేస్తే తినలే, నోరు పుండయింది గదా. పొద్దుగాల పిచ్చికుక్క అని పోరగాండ్లు రాళ్లేసిన్రు. నేను తిట్టిన గానీ ఎవరింటరు?"

"ఏ దిక్కు పోయింది?"

"సేన్ల దిక్కు. తూలుకుంట పోయింది. మల్ల కానరాలే."

రెబెకా చేన్లలో పడి పిలుచుకుంటూ తిరిగింది. పత్తికట్టె పీకుతున్న కూలీలు పని ఆపి చూశారు. గొంతు బొంగురుపోయింది. బావి గట్లు, మోరీల కింద, కంపచెట్ల నీడలు, అన్నీ వంగి వంగి చూసింది. ఒకచోట ఎండిన నెత్తురు మరకలున్న రాయి కనిపించింది. అది సుక్కిదో కాదో తెలియదు. పొద్దు వాలుతుండగా జోగులమ్మే వచ్చి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకొచ్చి, ఆఖరు బస్సు ఎక్కించింది.

ఇంటి ముందు ఇస్రాయేలు కూర్చుని ఉన్నాడు.

"దొరికిందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. పుణెలో తుంటి విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి, ఇప్పుడు భుజాలు ఎగిరెగిరి పడుతుంటే గోడ పట్టుకున్నాడు. రెబెకా పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. ఓదార్చడానికి ఆమె దగ్గర ఏమీ మిగలలేదు.

వాళ్లిద్దరూ మళ్లీ ఆ తోటకు పోలేదు. శివశంకర్ రెండుసార్లు కబురు పంపి, తర్వాత మరొకతన్ని పెట్టుకున్నాడు. వారం తిరక్కుండానే ఆ కొత్తవాడు గోనెసంచి భుజాన వేసుకుని వీళ్ల గుమ్మం ముందుకొచ్చాడు. గుట్ట అవతల బొక్కలు ఎక్కడెక్కడున్నాయో చెప్పమన్నాడు.

"నాకు తెల్వదు," అన్నాడు ఇస్రాయేలు.

"నువ్వు సెప్పకుంటే నేనే ఎతుక్కుంట తియ్," అని అతను గుట్ట వైపు నడిచాడు.