మల్లయ్య కాక తెచ్చిన మట్టలు

ఈ ఏడు మట్టల ఆదివారానికి ఈతమట్టలు కొరియర్‌లో వచ్చాయి. అట్టపెట్టె మూత తీయగానే కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన గుప్పుమంది. లోపల ఒకే పొడుగు, ఒకే రంగు, ఆకుకూ ఆకుకూ తేడా లేని ఆకుపచ్చ మట్టలు కట్టలు కట్టలుగా పడుకొని ఉన్నాయి. సండే స్కూలు టీచర్ని కాబట్టి వాటి దుమ్ము దులిపి పిల్లల చేతుల్లో పెట్టాల్సిన పని నాదే. వారమంతా బడిలో అరిచి అరిచి గొంతు పోయి, శనివారం సాయంత్రం చర్చి మెట్ల మీద కూలబడ్డ నాకు ఆ పెట్టెను చూస్తేనే నీరసం వచ్చింది. మా కొత్త పాస్టరు మాత్రం సంబరంగా, "ఇవి వాడిపోవు టీచర్, కడిగి దాచుకుంటే ఏండ్లకేండ్లు వస్తయ్" అన్నాడు. వస్తాయి, ఎందుకు రావు.

ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారం అది. యేసు గాడిదపిల్ల మీద యెరూషలేముకు వస్తుంటే జనం ఖర్జూరపు మట్టలు పట్టుకొని ఎదురెళ్లారని, ఆ రోజు మేమూ మట్టలు ఊపుకుంటూ, హోసన్నా అని పాడుకుంటూ కాలనీ వీధులన్నీ తిరిగి చర్చిలోకి వెళ్లేవాళ్లం. బొగ్గుబాయిల దేశంలో ఖర్జూర చెట్లెక్కడివి? ఈతచెట్లుండేవి. గోదావరిఖని దాటాక కంపెనీ క్వార్టర్ల వరుసలు అయిపోయే చోట మా రేకుల చర్చి, దాని వెనక వాగు, వాగు దాటితే ఈతవనం. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు, నేను అప్పటికి గౌను వేసుకునే పిల్లను.

ఆ చర్చికి తలుపులుండేవి గాని, వాటిని వేయగా నేను చూడలేదు. నైట్ షిఫ్టు దిగిన మా బాపులాంటి వాళ్లు కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా అంటుకొని ఉండగానే వచ్చి, వెనక బెంచీల మీద కూర్చొని, మొదటి పాట అయిపోకముందే గురక పెట్టేవాళ్లు. అమ్మ మోచేత్తో పొడవబోతే వేదిక మీదినుంచి అప్పటి మా పాస్టరు అయ్యగారే ఆపేవారు. "పండనియ్యమ్మా, నిద్ర గూడ దేవుడిచ్చిందే" అనేవారు. డిసెంబరులో వెదురుబద్దలతో కట్టి రంగు కాగితాలంటించిన నక్షత్రంలో బల్బు మాడిపోతే, దీక్షామాల వేసుకున్న పక్క క్వార్టరు ఎలక్ట్రీషియనే నిచ్చెన వేసుకొని ఎక్కి బాగుచేసేవాడు. బతుకమ్మకు ఇరుగుపొరుగు సత్తుపిండి, మలీద పెట్టి పంపిన గిన్నెలను అమ్మ కడిగి దాచి, క్రిస్మస్‌నాడు కేకుముక్కలు, బగారన్నం నింపి తిరిగి పంపేది. కోతపండుగ వస్తే పొలాలు వదిలి బాయి పనికొచ్చిన మావాళ్లంతా క్వార్టరు వెనక పెరట్లో కాసిన సొరకాయో బొప్పాయో, ఏమీ లేకుంటే గుప్పెడు కొత్తిమీరో తెచ్చి చర్చిలో బల్లముందు పెట్టేవాళ్లు. మధ్యాహ్నం నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దాలు గలగలలాడేవి, అయ్యగారు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునేవారు.

క్రిస్మస్ సందడి సద్దుమణిగి, మామిడి పూత రాలి, పగలు బయట కాలు పెట్టలేనంత ఎండ మొదలయ్యేసరికి యేసు పడ్డ బాధలను తలచుకునే శ్రమదినాలు వచ్చేవి. ఆ నలభై రోజులూ ఉపవాసాలు, ఇంటింటి ప్రార్థనలు, నీచు లేని కూరలు, అన్నిటికంటే ముఖ్యంగా కల్లు మీద అయ్యగారి ప్రసంగాలు. కల్లు సంసారాలను ఎట్లా ముంచుతుందో ఆయన చెప్తుంటే స్త్రీల సమాజమంతా తలలూపేది, మగవాళ్లంతా చెప్పుల వంక చూసుకునేవాళ్లు. తీరా మట్టల ఆదివారానికి ముందురోజు ఆ అయ్యగారే పంచె పైకి కట్టి, సంఘంలోని మగవాళ్లను వెంటబెట్టుకొని నేరుగా ఈతవనానికి నడిచేవారు! మట్టలు అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు మరి. ఏడాదంతా చర్చి పనికి ఒళ్లు వంచని వాళ్లు కూడా ఆ రోజు "నేనొస్త అయ్యగారూ, నేనొస్త" అని ముందు నిలబడేవాళ్లు. అందుకని స్త్రీల సమాజం ఆలోచించి, కాపలాకు పిల్లలను పంపేది. నేను అట్లా ఏటేటా బాపు చెయ్యి పట్టుకొని వనానికి వెళ్లాను.

ఆ వనాన్ని గీసేది మల్లయ్య కాక. సన్నగా, నల్లగా, మోకాళ్ల మీద చెట్టు బెరడు గీరిన మచ్చలతో ఉండేవాడు. నడుముకు మోకు, వెనక కత్తి. దగ్గరికెళ్తే పులిసిన కల్లు వాసన, పచ్చి ఈతాకు వాసన కలిసి వచ్చేవి. మేము రాకముందే కింది మట్టలు కోసి చెట్టునీడన పేర్చి, ఒక్కొక్క మట్ట మొదలు దగ్గరి ముళ్లను కత్తితో చెక్కి, ఆ పైన బొటనవేలితో తడిమి చూసి మరీ ఇచ్చేవాడు. "ఈతముల్లు గుచ్చి ఇరిగితే చీము పడ్తది, పోరగాండ్ల చేతులు" అనేవాడు. అతని బొటనవేలు నిండా గాట్లు.

చెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని లేతాకు వెన్నరంగులో తళతళలాడుతుండేది. నాకు ఆకుపచ్చ మట్టలు వద్దు, అదే కావాలి. ఏటా అడిగేదాన్ని.

"కాకా, నడుమ తెల్లగున్నది ఇయ్యరాదే?"

"అది మొవ్వు బిడ్డా. మొవ్వు గోస్తే ఇగ చెట్టు బతకది. కల్లు గీసేటోడు ఎన్నడు మొవ్వు జోలికి పోడు" అని ఏటా ఓపికగా చెప్పేవాడు.

తిరిగి వచ్చేటప్పుడు అయ్యగారు ఏటా ఒకటే మాట అడిగేవారు. "మల్లయ్యా, రేపు గుడికి రారాదు?"

"నా పెయ్యంత కల్లువాసన అయ్యగారూ. నేనొచ్చి కూసుంటే మీవోళ్లకు నోరెండి దూప లేస్తది" అనేవాడు మల్లయ్య కాక. మగవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు, అయ్యగారు కూడా మీసం కింద నవ్వు దాచుకునేవారు. చర్చి గేటు దాకా మోపు మోసుకొచ్చి, అక్కడే దించి వెళ్లిపోయేవాడు.

ఒక ఏడు ఓపెన్‌కాస్టు వాగు దాటి వస్తుందన్నారు. అన్నట్టే సర్వేవాళ్లు వచ్చారు, ఈతచెట్ల మొదళ్ల మీద సున్నపు గుర్తులు పడ్డాయి. ఎండాకాలం పోకముందే మిషన్లు దిగుతాయని బాపు డ్యూటీ నుంచి వచ్చి అమ్మకు చెప్తుంటే విన్నాను. బాపు అన్నం సరిగ్గా తినలేదు. ఆయన తవ్వి తీసే బొగ్గుతోనే మా పొయ్యి వెలిగేది, ఆ బొగ్గు కోసమే మల్లయ్య కాక చెట్లు పోతున్నాయి. ఎవరిని తిట్టుకోవాలో ఆయనకు తెలియలేదనుకుంటాను.

ఆ శనివారం వనానికి వెళ్తే మల్లయ్య కాక ఒక్క మట్ట కూడా కోసి పెట్టలేదు. కల్లు పట్టే లొట్లు బోర్లించి ఉన్నాయి. "ఈసారి మీరు పోండ్రి, రేపు పొద్దుగాల నేనే తెస్త" అన్నాడు, మా ముఖాలు చూడకుండా.

తెల్లవారి చర్చి ముందు తెల్లగౌన్లు, తెల్లచొక్కాలు వేసుకొని ఖాళీ చేతులతో నిలబడ్డాం. ఎండ ఎక్కుతోంది. మల్లయ్య రాడని, మట్టలు లేకుండానే బయలుదేరుదామని పెద్దలు గొణుగుతుంటే, అయ్యగారు "వస్తడు, ఆగుండ్రి" అని గేటు పట్టుకొని నిలబడ్డారు. చివరికి వాగు దిక్కునుంచి సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక తడి గోనెసంచుల్లో చుట్టిన పెద్ద మోపు. సంచులు విప్పితే లోపలన్నీ వెన్నరంగు ఆకులే. పట్టులాగా మెత్తగా, లేత కొబ్బరి వాసనతో, ఒక్క ఆకుపచ్చ మట్ట కూడా లేకుండా! మేము కేకలు పెట్టి ఎగబడ్డాం. ఇన్నాళ్లకు నేను అడిగింది దొరికిందని నాకు ఒళ్లు తెలియలేదు.

బాపు ఒక ఆకు తీసుకొని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"మల్లన్నా, మొవ్వులు గోసినవానె?"

"నేను గొయ్యకుంటె మిషిన్ గోస్తది. దానికి మట్టేందో మొవ్వేందో ఎర్కనా?" అన్నాడు మల్లయ్య కాక. "పోరి ఏటేట అడిగె" అని నా తల మీద చెయ్యి పెట్టాడు.

అయ్యగారు గేటు వదిలి ముందుకొచ్చారు. మల్లయ్య కాక చెయ్యి పట్టుకొని లోపలికి నడిచారు. ఈసారి అతను వాసన సంగతి ఎత్తలేదు. నడుముకున్న కత్తి తీసి గడప బయట చెప్పుల పక్కన పెట్టి, వెనక బెంచీ మీద బాపు పక్కన కూర్చున్నాడు. చర్చి అంతా ఈతవనం వాసన. ఏటా గుక్క తిప్పుకోకుండా ప్రసంగించే అయ్యగారు ఆ రోజు నాలుగు మాటలు మాట్లాడి, కళ్లజోడు తీసి తుడుచుకొని, ఒక పాట పాడుకుందాం అన్నారు. అందరం ఆ తెల్లాకులు ఎత్తి పట్టుకొని పాడాం. మల్లయ్య కాక మాత్రం తల ఎత్తి ఆకుల వైపు చూడలేదు.

ఎండాకాలం పోకముందే వనం పోయింది. మరుసటి ఏడు శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారానికి, అలవాటు ప్రకారం పాతమట్టలు కాల్చి నొసట బూడిద పెట్టడానికి, పండుగనాడు ఇండ్లకు తీసుకెళ్లి గుమ్మాలకు దోపుకున్న ఆకులన్నీ తెచ్చి ఒకచోట వేశాం. లేతాకులు కదా, భగ్గున మండి గుప్పెడు బూడిద కూడా మిగల్లేదు. మల్లయ్య కాకను, గని కిందికి పోయిన వాళ్ల ఊరితోపాటు, రోడ్డవతల కాలనీకి పంపారు. కొన్నాళ్లు ఎవరిదో షాపు ముందు వాచ్‌మన్ కుర్చీలో చేతులు ముడుచుకొని కూర్చొని కనిపించేవాడు. తెలంగాణ వచ్చిందని కాలనీలో రంగులు చల్లుకున్న రోజుకు అతను లేడు. బాపు లేడు, అయ్యగారు బదిలీ అయిపోయారు. చర్చికి ఇప్పుడు పాలరాయి, ఏసీ ఉన్నాయి, షిఫ్టు దిగి వచ్చి గురక పెట్టేవాళ్లు లేరు. వాగు ఉన్న చోట మట్టి గుట్టలు. ప్లాస్టిక్ మట్టలను కాల్చలేం కాబట్టి వచ్చే ఏడు బూడిద కూడా పాకెట్లోనే వస్తుంది. ఎవరినీ ఏమీ అనాలని లేదు నాకు, ఓపిక లేదు.

ఆదివారం పొద్దున పిల్లలను వరసలో నిలబెట్టి మట్టలు పంచుతున్నాను. ముందున్న పిల్ల చెయ్యి చాపుకొని అట్లాగే నిలబడి, "ఏం చూస్తున్నవ్ టీచర్?" అంది. అప్పుడుగాని నాకు తెలియలేదు, పంచుతున్న ప్రతి మట్ట మొదలునూ బొటనవేలితో తడుముతున్నానని.

"ముల్లుందేమోనని."

"ప్లాస్టిక్ దానికి ముల్లెక్కడిది టీచర్!" అని వరసంతా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాతి మట్టను కూడా తడిమి చూసే ఇచ్చాను.