కూర్మయ్య మావ విప్పిన ఇంజను

కిరసనాయిలూ ఇంజనాయిలూ సగానికి సగం కలిపితే ఒక వాసన వస్తుంది. ఘాటుగా మొదలై ముక్కులో జిడ్డుగా నిలబడిపోతుంది. మొన్న మా ఇంటి ఇనుప గేటు తుప్పుపట్టి బిగుసుకుపోతే, అటక మీది సీసా దింపి బందుల మీద ఆ నూనె పోశాను. సుత్తితో కొట్టి ఊడదీయబోయిన వెల్డింగు మనిషిని ఆపి, మూడు రోజులు నాననిచ్చి అప్పుడు రమ్మన్నాను. అతను నావైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్లిపోయాడు. నేను గేటు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ వాసన తగిలిందంటే పోర్ట్ బ్లెయిర్ అవతల ఫెరార్గంజ్ రోడ్డు పక్కన రేకుల షెడ్డూ, అందులో బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చున్న కూర్మయ్య మావా నా ముందుకు వచ్చేస్తారు.

కూర్మయ్య మావ మాకు చుట్టం కాదు. మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో ఈ దీవులకు వచ్చారు, ఆ వరసన మావ అయ్యాడు. నాన్న వల పట్టాడు. ఈయన దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఇంజను గదిలో చేరి, రిటైరయ్యాక ఫెరార్గంజ్‌లో కార్లూ జీపులూ బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. అన్నేళ్లు ఆ మోతలో గడపడం వల్ల చెవులు సగానికి సగం పోయాయి. ఏ ప్రశ్నయినా ఒక్కసారే అడిగేవాడు. జవాబు నచ్చకపోతే మళ్లీ అడగడు, ఊరికే కూర్చుంటాడు. పోలీసులకు కూడా అంత ఓపిక ఉండదని నా అభిప్రాయం. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఇంజన్లోంచి ఏది కారినా వేలితో తీసి నాలుక మీద పెట్టుకునేవాడు. నూనెలో నీళ్లు కలిశాయా, పెట్రోల్లో ఎవరైనా కిరసనాయిలు కలిపారా, అన్నీ ఆ నాలుకే చెప్పేది. జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను, నా వంతు వచ్చేవరకు.

వల పని నాకు అచ్చిరాలేదు. సముద్రం మీదికి వెళ్తే వాంతులు. చేపలు పట్టే ఇంట పుట్టినవాడికి అంతకన్నా సిగ్గు ఏముంటుంది! మా అన్న నరసింహులే నన్ను ఒక దారిలో పెట్టాలని నానా తంటాలు పడి, పాత అంబాసిడర్ ఒకటి కొనిపెట్టాడు. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర జనాన్ని ఎక్కించుకుని వండూర్ సముద్రతీరం చూపించి తీసుకురావడం నా పని. కారు బాగానే నడిచేది గానీ రేడియేటర్ కొద్దికొద్దిగా కారేది. రోజూ నీళ్లు పోయాలి. సరిగ్గా అక్కడే నా తెలివి పనిచేసింది. వేసవిలో మా పేటకు కొళాయి మూడు రోజులకోసారి వచ్చేది. కారు కోసం బిందెడు మంచినీళ్లు ముట్టుకుంటే వదిన వీధంతా వినపడేలా తిట్టేది. వండూర్ వెళ్తేనేమో ఎదురుగా కావలసినన్ని నీళ్లు. అన్న పడవలోని ఇంజను రోజంతా సముద్రపు నీళ్లే లాక్కుని చల్లబడుతుంది. మా ఇంట్లో ఎవరూ అలా కాని ఇంజనును దగ్గరగా చూసి ఎరగరు. డబ్బా ముంచాను, రేడియేటర్‌లో పోశాను. ఇంత సులువైన సంగతి మిగతా డ్రైవర్లకు ఎందుకు తట్టలేదా అని వాళ్ల మీద జాలి కూడా పడ్డాను.

ఒక మధ్యాహ్నం వండూర్ నుంచి తిరిగి వస్తుంటే బోనెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఏదో కీచుమంది, కారు ఆగింది. ముందు హ్యాండిలు పెట్టి, కార్లో ఉన్న ఒకాయనా నేనూ వేలాడినా ఇంజను వెంట్రుకవాసి కదల్లేదు. వెనకాల వచ్చిన లారీ డ్రైవరు దిగి, వేడి తగ్గాక రేడియేటర్ మూత తీసి చూసి, లోపల పేరుకున్న తెల్లటి పొర మీద గోరుతో గీశాడు. సముద్రపు నీళ్లు పోశావా భయ్యా, ఉప్పు పట్టి దారులన్నీ మూసుకుపోయాయి అన్నాడు. నేను పోయలేదన్నాను. అది మొదటి అబద్ధం. ఇంటికి వెళ్లి, కారు అమ్మినవాడు మనల్ని మోసం చేశాడని అన్నకు చెప్పాను. అది రెండోది.

కారును తాడు కట్టి కూర్మయ్య మావ షెడ్డుకు లాగించాం. దారులు రెండే. పట్టేసిన ఇంజనును విప్పి బాగుచేయడం, లేదా దాన్ని తీసి పారేసి మద్రాసు నుంచి ఓడలో వేరే ఇంజను తెప్పించడం. నేను వేరేది తెప్పిద్దామన్నాను, గట్టిగా అన్నాను. పాత ఇంజను విప్పకుండా తుక్కులోకి పోతే నా ఉప్పు కూడా దాంతోపాటే పోతుందని నా లెక్క. అయితే మరో ఇంజను కొనాలంటే అన్న తన పడవ అమ్ముకోవాలి. పడవ పోతే ఆయన ఇంకొకరి పడవ మీద కూలికి వెళ్లాలి. ఒక పూటంతా పడవ దగ్గరే గడిపి వచ్చి, చివరికి అమ్మేస్తానన్నాడు. శుక్రవారం వండూర్ నుంచి ఒకాయన పడవ చూసుకోవడానికి వస్తానన్నాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

కూర్మయ్య మావ అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లోంచి సిలిండర్లలోకి కిరసనాయిలు కలిపిన నూనె పోశాడు. మూడు రోజులు నానాలి, అందాకా ఎవరూ చెయ్యి వెయ్యడానికి లేదన్నాడు. బలవంతంగా తిప్పితే బాగున్నది కూడా విరుగుతుందట.

గురువారం అన్న చేపల వేటకు వెళ్లాడు. నేనొక్కణ్ణే షెడ్డుకు వెళ్లాను. మావ హ్యాండిలు పెట్టి, తొందర లేకుండా, ఒళ్లంతా బరువు వేసి నొక్కాడు. ఇంజను మూలిగి పావు చుట్టు తిరిగింది. ఆ తర్వాత పైభాగం విప్పాడు. నీళ్లు పారే దారుల్లో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. స్క్రూడ్రైవరుతో కాస్త గీకి, వేలికి అద్దుకుని, నాలుక మీద పెట్టుకున్నాడు. నేను రోడ్డు అవతలి వరిచేను చూస్తూ నిలబడ్డాను.

"ఎన్నాళ్లు పోసావు?" అన్నాడు.

ఏం పోశావని అడగలేదు. రెండు రోజులన్నాను, అది మూడో అబద్ధం. ఆయన చేతులు తుడుచుకుని డబ్బా మీద కూర్చుని, ఎదురు హోటలుకు కేకేసి రెండు టీలు చెప్పాడు. టీలు వచ్చాయి. పోర్ట్ బ్లెయిర్ బస్సు వెళ్లింది, ఇంకో బస్సు వెళ్లింది. నేను తాగని టీ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి ఆయనే అందుకున్నాడు.

"రొండు రోజులకి ఇంత పట్టదు. నెలో రొండు నెల్లో అయితే ఇనుం పక్కాగా ఉంటాది, కడిగి కట్టేత్తాను. వానల కాణ్ణించీ పోసుంటే లోపల్లోపల తినేసుంటాది, కట్టినా మల్లీ ఖరాబే, వేరేది తెచ్చుకోడమే మేలు. నా నాలిక్కి ఉప్పు తెలస్తాది గానీ రోజులు తెలవవురా. అది నీకే తెలసాల."

అప్పటిదాకా నా అబద్ధం నా పరువుకు సంబంధించిన సంగతి అనుకున్నాను. అది అన్న పడవకు సంబంధించిన సంగతని ఆ డబ్బా పక్కన నిలబడి ఒప్పుకున్నాను. రెండు నెలలు మావా, ఒట్టు, అన్నాను. ఏడుపు వచ్చేసింది. టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన చూడనట్టే ఉండి, అయితే ఇది బతుకుతుందన్నాడు. మీ అన్నతో నేను చెప్పను, రేపు ఆ కొనేవాడు రాకముందే ఇక్కడికి తీసుకొచ్చి నువ్వే చెప్పుకో అన్నాడు.

శుక్రవారం తెల్లారగానే తీసుకెళ్లాను. విప్పి ఉన్న ఇంజను ముందు నిలబడి అంతా చెప్పాను, లారీ డ్రైవరు సంగతితో సహా. అన్న కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను కూడా. ఆయన ఆ తెల్లటి పొరను చాలాసేపు చూశాడు.

"నన్ను పడవ అమ్మనిచ్చీవోడివేట్రా?" అన్నాడు.

గొంతు పెంచలేదు.  అటు తిరిగి బోల్టులు సర్దుకుంటున్న కూర్మయ్య మావ, ఆ సగం చెవుల మనిషి, మాకు వీపు పెట్టుకునే అన్నాడు:

"అమ్మనివ్వడు. ఆణ్ణి ఏటనుకున్నావు?"

అన్న ఇంటికి వెళ్లి, వచ్చినాయనకు టీ ఇచ్చి, పడవ అమ్మడం లేదని చెప్పి పంపించాడు.

ఆ దారుల్లోని ఉప్పు కడిగే పని మావ నాకే అప్పగించాడు. షెడ్డు వెనక బావిలోంచి మంచినీళ్లు తోడి, తీగ పెట్టి గీకి, కడిగి, మళ్లీ తోడి, చేతులు పుళ్లు పడేదాకా చేశాను. బిందెకు బిందెకూ ఆయన వచ్చి కారే నీళ్లు రుచి చూసి, ఇంకా ఉందని తల ఊపి వెళ్లేవాడు. నాలుగో రోజు సాయంత్రం చప్పరించి, ఉప్పు పోయి నీళ్లు తియ్యగానే ఉన్నాయన్నట్టు, "మీఠా" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడమంటే నాకు తెలిసి అదొక్కటే. పట్టేసి గీసుకుపోయిన పిస్టన్ల బదులు కొత్తవి ఓడ మీద రావడానికి నెల దాటింది. రేడియేటర్‌కు మాటు వేశాక, ఇంజను బిగించి స్టార్టు చేసిన రోజున ముందు సీట్లో కూర్చుని వండూర్ దాకా వచ్చాడు. సముద్రం కనబడగానే నావైపు ఒకసారి చూశాడు. నేను రోడ్డే చూశాను.

ఆ ఇంజను తొమ్మిదేళ్లు నడిచింది. అన్న పడవ అంతకన్నా ఎక్కువే నడిచింది. మావ పోయి చాలాకాలమైంది. అన్న ఉన్నాడు, ఆ ప్రశ్న మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడు నాకు మూడు వ్యాన్లున్నాయి. వాటిని నడిపేవాళ్లు ఏదైనా పాడుచేసుకొస్తే ఒక్కసారే అడిగి, టీ చెప్పి కూర్చుంటాను. ఒక్కొక్కరికి ఒక టీ, ఒక్కొక్కరికి మూడు పడతాయి.

గేటు మూడో రోజున వేలితో తోస్తే తెరుచుకుంది. అది అటూ ఇటూ ఆడుతుంటే అన్న అడిగిన మాటే మళ్లీ గుర్తొచ్చింది. దానికి జవాబు ఆ రోజే నాకు తెలుసు. అమ్మనిచ్చేవాణ్ణే. గురువారం ఆ టీ చల్లారేదాకా నిజం చెప్పే ఉద్దేశమే నాకు లేదు. అంటే కూర్మయ్య మావ ఆ రోజు మా అన్నతో అన్నది అబద్ధం. నా మూడు అబద్ధాలనూ నేనే నిజం చెప్పి కడుక్కున్నాను. ఆయన నా కోసం ఆడిన ఆ ఒక్కదాన్ని నిజం చేసే పనిలోనే ఇప్పటికీ ఉన్నాను.